జెండా, చక్రం, జిల్లా పేరు: ప్రతి మనిషీ మనిషే అని రాసుకున్న రాజ్యాలు



గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ జాతీయ చిహ్నాల పాఠాన్ని ఒక మార్కు ప్రశ్నగా చదువుతారు. జెండా రూపకర్త ఎవరు? చక్రానికి ఆకులెన్ని? రాజ్యాంగ సభ ఏ రోజున ఆమోదించింది? జవాబు బట్టీ పట్టి ముందుకెళ్ళిపోతారు. ఈ వారం అదే పాఠాన్ని అమలాపురంలో నిలబడి చదువుదాం. ఎందుకంటే ఒక ప్రభుత్వ చిహ్నం మీద కోపంతో ఇళ్ళు తగలబెట్టిన ఊరు మనది.

చిహ్నం అనగానే జెండా, ముద్ర, గీతం గుర్తొస్తాయి. జిల్లా పేరు కూడా చిహ్నమే. కుల ధ్రువీకరణ పత్రం మీద, కలెక్టరేట్ గేటు మీద, పట్టాదారు పాసుపుస్తకం మీద ప్రభుత్వం ఏ పేరు రాసుకుంటుందో అది ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాట. ఆ మాటలో ఎవరు కనిపించాలి, ఎవరు కనిపించకూడదు అన్నదే గొడవంతా.

ముందు చక్రం సంగతి చూద్దాం.

మామిడికుదురు మండలం ఆదుర్రు మనకి ఎంతో దూరం లేదు. వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో బౌద్ధ స్తూపం శిథిలాలు బయటపడ్డాయి. ఆ స్తూపం పునాదిని బండి చక్రంలా, మధ్యలో కుండ, చుట్టూ ఆకులు ఉండేలా ఇటుకలతో కట్టారు. అంటే ఢిల్లీలో జెండా మీదకి చక్రం ఎక్కడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే కోనసీమ మట్టిలో చక్రం ఉంది. మనిషిని పుట్టుకతో కొలవొద్దని చెప్పినవాడి చక్రం అది.

1947 జూన్‌లో జెండా ఎలా ఉండాలో తేల్చడానికి రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అందులో బాబాసాహెబ్ అంబేడ్కర్ సభ్యుడు. జూలై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించింది. కాంగ్రెస్ జెండా మధ్యలో ఉన్న రాట్నం పోయి, సారనాథ్ అశోక స్తంభం నుంచి 24 ఆకుల చక్రం వచ్చింది. 1950 జనవరి 26న అదే స్తంభం మీది సింహాలు దేశపు ముద్ర అయ్యాయి. మన రాష్ట్ర ముద్రలో కనిపించే పూర్ణఘటం అమరావతి స్తూపం రాళ్ళ మీద చెక్కింది. పాత లోక్‌సభలో స్పీకర్ కుర్చీ పైన రాసి ఉన్న మాట "ధర్మచక్ర ప్రవర్తనాయ". ఎదుర్లంకలో పుట్టిన దళిత బిడ్డ జి.ఎం.సి. బాలయోగి 1998లో స్పీకరై, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయేదాకా ఆ అక్షరాల కిందే కూర్చున్నాడు.

జెండాలో బుద్ధుడి చక్రం, ముద్రలో అశోకుడి సింహాలు, రాష్ట్రం గుర్తులో అమరావతి కుండ. పైన చూస్తే అంతా మనదే. మరి కింద?

కింద ఏముందో తెలియాలంటే 1921కి వెళ్ళాలి. ఆ ఏడాది బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా చూపించారు. ఆ రోజుల్లోనే గరిమెళ్ళ సత్యనారాయణ "మాకొద్దీ తెల్ల దొరతనము" గోదావరి జిల్లాల్లో మారుమోగింది. దానికి జవాబుగా రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్ల దొరతనము" రాశాడు. తెల్లదొర పోవాలి, సరే. ఊరి చెరువులో నన్ను నీళ్ళు ముట్టుకోనివ్వని దొర సంగతేంటి? అతనూ పోవాలా వద్దా? జెండా పుట్టిన రోజుల్లోనే జెండాని అడగాల్సిన ప్రశ్న మనవాళ్ళు అడిగేశారు. పాఠ్యపుస్తకంలో మొదటి పాట కనిపించినంతగా రెండోది కనిపించదు.

ఇదే ప్రశ్న మనకి చాలా దూరంలో, ఆఫ్రికా ఖండం నడిబొడ్డున ఇంకొకాయన అడిగాడు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ పేరు మన పరీక్ష పుస్తకాల్లో రాజధాని బాంగీ అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. ఆ దేశపు ముద్ర మీద సాంగో భాషలో మూడు మాటలు ఉంటాయి: "జో క్వే జో". జో అంటే మనిషి. ప్రతి మనిషీ మనిషే అని దాని అర్థం.

ఆ మాట ఇచ్చినవాడు బర్తెలెమీ బొగాండా. 1910లో పుట్టాడు. అప్పుడది ఉబాంగీ-షారీ అనే ఫ్రెంచి వలస. ఫ్రెంచి కంపెనీలకి అడవులు కౌలుకిచ్చి, ఊళ్ళ మీద పడి రబ్బరు తెమ్మని జనాన్ని కొట్టించిన కాలం. రబ్బరు తేలేదని కంపెనీ కాపలావాళ్ళు కొట్టిన దెబ్బలకి బొగాండా తల్లి చచ్చిపోయింది. దిక్కులేని పిల్లాడిని మిషనరీలు చదివించారు. 1938లో ఆ ప్రాంతం నుంచి మొట్టమొదటి నల్లజాతి క్యాథలిక్ ఫాదర్ అయ్యాడు. 1946లో పారిస్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. 1949లో సొంత పార్టీ పెట్టి ఐదు పనులు ముందుంచాడు: తిండి పెట్టడం, బట్ట కట్టించడం, ఇల్లు ఇవ్వడం, రోగం నయం చేయడం, చదువు చెప్పడం. జెండా కూడా ఆయన ఆలోచనే. నీలం, తెలుపు, ఆకుపచ్చ, పసుపు అడ్డపట్టీలు, వాటిని కోస్తూ నిలువుగా ఒక ఎర్ర పట్టీ, మూలన పసుపు నక్షత్రం. పట్టీలన్నీ కలిపే ఆ ఎరుపుకి ఆయన చెప్పిన అర్థం నెత్తురు. ఏ రంగు మనిషిదైనా నెత్తురు ఎర్రదేగా! 1958 డిసెంబర్ 1న రిపబ్లిక్ ప్రకటించారు. 1959 మార్చి 29న విమాన ప్రమాదంలో బొగాండా పోయాడు. 1960 ఆగస్టు 13న దేశానికి స్వాతంత్ర్యం వచ్చేటప్పటికి ఆయన లేడు.

తర్వాత ఏమైందో జాగ్రత్తగా వినండి. 1966 కొత్త సంవత్సరం రాత్రి సైన్యాధిపతి బొకాసా గద్దె లాక్కున్నాడు. 1977 డిసెంబర్ 4న కోట్లు తగలేసి చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. 1979లో బడిపిల్లలు ఖరీదైన యూనిఫాం కొనాల్సిందేనని ఆర్డర్ వేశాడు. కొనలేమని పిల్లలు రోడ్డెక్కారు. ఏప్రిల్‌లో పిల్లల్ని పట్టుకెళ్ళి జైల్లో కుక్కారు, వంద మంది దాకా చనిపోయారు. ఆ సెప్టెంబర్‌లో బొకాసా గద్దె దిగాడు. ఇంత జరిగినా బొగాండా జెండా దిగలేదు. ఆ తర్వాత తిరుగుబాట్లు, అంతర్యుద్ధం చూసిన దేశం తన రాజ్యాంగం ముందుమాటలో మళ్ళీ "జో క్వే జో" అనే రాసుకుంది.

ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. గోడ మీద ఎంత గొప్ప మాట రాసినా అది దానంతటది పాలించదు. కానీ ఆ మాట అక్కడ ఉన్నంతకాలం పాలించేవాడిని నిలదీయడానికి జనం చేతిలో ఒక ఆధారం ఉంటుంది. అందుకే దొరలకి మన చిహ్నాలంటే అంత కడుపుమంట.

ఇప్పుడు మన అమలాపురం.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా, ఎన్టీఆర్ జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా, అన్నమయ్య జిల్లా. ఆ పేర్ల కోసం ఎవరి ఇల్లూ కాలలేదు. మనది కోనసీమ జిల్లా అన్నారు. ఎస్సీ రిజర్వుడు పార్లమెంటు స్థానం, బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా మోసిన నేల, ఆయన కొడుకు బొజ్జా తారకం పుట్టిన కందికుప్ప ఉన్న జిల్లా. దీనికి అంబేడ్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మే 18న ప్రభుత్వం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి 30 రోజులు గడువు పెట్టింది.

కాగితం మీద అభ్యంతరం రాసి ఇవ్వడానికి నెల రోజులుంది. మే 24నే అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. పోలీసులకి దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. కాలిన ఇళ్ళు ఎవరివో చూడండి. ఒకరు దళితుడు, ఇంకొకరు మత్స్యకార కులాల నుంచి వచ్చినవాడు.

"మాకు అంబేడ్కర్ అంటే గౌరవమే, కోనసీమ అన్న పేరు పోతుందనే బాధ" అన్నారు. పేరు ఎక్కడ పోయింది? 2008లో నెల్లూరు ముందు పొట్టి శ్రీరాములు పేరు చేరింది. నెల్లూరు పోయిందా? కోనసీమ అన్న మాట నోటిఫికేషన్‌లో అలాగే ఉంది. ముందు ఒక మనిషి పేరు చేరింది, అంతే. ఆ మనిషి రాసిన రాజ్యాంగం కావాలి, ఆ రాజ్యాంగం ఇచ్చిన ఓటు కావాలి, ఆయన పేరు మాత్రం తమ ఇంటి చిరునామాలో ఉండకూడదు. ధర్మన్న అడిగిన ప్రశ్నకి వందేళ్ళ తర్వాత వచ్చిన జవాబు ఇది.

ఇది మనకొక్కరికే జరిగిందనుకోకండి. 1978 జూలై 27న మహారాష్ట్ర శాసనసభ మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని తీర్మానించింది. వెంటనే దళితవాడల మీద దాడులు, ఇళ్ళు దగ్ధం, హత్యలు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 16 ఏళ్ళ పోరాటం తర్వాత 1994 జనవరి 14న పేరు వచ్చింది. అదీ డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం అని, పాత పేరు అలాగే ఉంచి. అక్కడ 16 ఏళ్ళు పట్టింది. ఇక్కడ 2022 జూన్‌లో మంత్రివర్గం ఆమోదించింది, ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. మరాఠ్వాడా వాళ్ళు పడ్డ దెబ్బల మీదే మనం ఇంత త్వరగా నడిచాం, అది మరవకూడదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. జాతీయ జెండాని అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ళ వరకు జైలు. ఎస్సీ, ఎస్టీలు గౌరవించే వస్తువుని, అంటే మన పేటలో బాబాసాహెబ్ విగ్రహం లాంటిదాన్ని, ధ్వంసం చేసినా అపవిత్రం చేసినా అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(టి) కింద నేరం. మనం గౌరవించే దివంగత నాయకుల్ని మాటతో, రాతతో అవమానిస్తే 3(1)(వి). ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు శిక్ష. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ఇది. జెండా చట్టం అందరికీ తెలుసు. ఇది ఎందరికి తెలుసు? స్టేషన్‌లో రాసిచ్చే ఫిర్యాదులో ఈ అక్షరాలు వేయండి.

ఇక మన పని. పేరు వచ్చింది కాబట్టి పండగ చేసుకుని కూర్చుంటే బొకాసా కింద బతికిన జనానికీ మనకీ తేడా లేదు. వాళ్ళకీ మంచి మాట ఉంది, మంచి జెండా ఉంది. బొగాండా చెప్పిన ఐదు పనులు కాగితం మీద రాసుకుని మన పేటలకి వెళ్దాం. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు. కౌలు కార్డు ఎవరికి ఉంది? వరదొస్తే లంకల్లో ముందు మునిగే ఇళ్ళు ఎవరివి? హాస్టల్‌లో పిల్లలకి ఏం పెడుతున్నారు? పీహెచ్‌సీలో డాక్టరు ఏ రోజున ఉంటున్నాడు? స్మశానానికి దారి ఉందా? ప్రతి అర్జీ పైన జిల్లా పేరు పూర్తిగా రాద్దాం: డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. సగం పేరు రాసేవాళ్ళు రాసుకోనివ్వండి, మనం మాత్రం రాయొద్దు. ఆ పేరు పెట్టుకున్న కలెక్టరేట్‌లో ఆ అర్జీ ఎన్నాళ్ళు పడుంటుందో లెక్కపెడదాం, సోమవారం సోమవారం వెళ్ళి అడుగుదాం.

వచ్చే వారం బొజ్జా తారకం గారి కారంచేడు రోజుల గురించి రాస్తాను. ఈలోగా ఎవరైనా ఆదుర్రు వెళ్తే, ఆ ఇటుకల చక్రం దగ్గర కాసేపు నిలబడి రండి. మీ చెల్లెళ్ళనీ తీసుకెళ్ళండి.

జై భీమ్. జో క్వే జో.