ఎర్ర డబ్బా హిస్టరీ: ఏ మంటకి ఏది?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో ఒక ప్రశ్న అడుగుతారు: "బ్యాగులో పవర్ బ్యాంక్ ఉందా?" ఉంటే తీసి చేతి బ్యాగులో పెట్టుకోమంటారు. అంత డేంజర్ అయితే మన పక్కనే పెట్టుకోమంటారేంటి? జవాబు మనం రోజూ చూసి కూడా పట్టించుకోని ఎర్ర డబ్బా హిస్టరీలో ఉంది.

1813లో ఎడిన్‌బరోలో పెద్ద అగ్నిప్రమాదం. పై అంతస్తులకి నీళ్లు అందలేదు. అది చూసిన కెప్టెన్ జార్జ్ మాన్బీకి, మంట చిన్నగా ఉన్నప్పుడే ఆర్పే సాధనం చేతిలో ఉండాలనిపించింది. కొన్నేళ్లకే రాగి పాత్రలో పొటాషియం కార్బనేట్ కలిపిన నీళ్లు పోసి, గాలిని ఒత్తిపెట్టి, భుజాన మోసుకెళ్లేలా తయారుచేశాడు. ఇప్పటి ఎక్స్‌టింగ్విషర్‌కి అదే తాత.

కట్టెకి, బట్టకి నీళ్లు చాలు. మరి నూనెకి? బాకూ చమురు బావుల ఊళ్లో పాఠాలు చెప్పే అలెగ్జాండర్ లోరాన్ 1904 నాటికి నురగ కనిపెట్టాడు. నూనె మీద దుప్పటి కప్పినట్టు అన్నమాట. మరి కరెంటు మంటకి? దానికోసం కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడారు. మంట ఆరేది కానీ, వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టేది! 1924లో టెలిఫోన్ స్విచ్‌బోర్డుల కోసం సీవోటూ డబ్బా వచ్చింది. ఆ తర్వాత విమానాల్లోకి హేలాన్ వచ్చింది. అద్భుతంగా పనిచేసింది కానీ ఓజోన్ పొరని తినేస్తుందని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా పక్కకి తప్పిస్తున్నారు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన కథే. ప్రతి కొత్త వెర్షన్ ఒక బగ్ సరిచేసి, ఇంకోటి తెస్తుంది.

ఇప్పుడు మన కాలం మంట: లిథియం బ్యాటరీ. ఇది లోపల్నుంచే వేడెక్కుతుంది. పైన మంట ఆరినా, చల్లబడకపోతే మళ్లీ అంటుకుంటుంది. విమానం అడుగున ఉన్న లగేజీలో అంటుకుంటే చేత్తో ఆర్పే దారి లేదు. క్యాబిన్‌లో అయితే సిబ్బంది చూస్తారు, మంట ఆర్పి, నీళ్లు పోస్తూ చల్లబరుస్తారు. అందుకే ఆ ప్రశ్న.

నేల మీద కూడా అంతే. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ దగ్గర మంటలు లేచి, పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. 8 మంది చనిపోయారు. శంషాబాద్ చుట్టుపక్కల పీజీల్లో మెట్ల కింద స్కూటర్ చార్జింగ్ పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మెట్లే మీరు బయటపడే దారి.

మరి ఏది కొనాలి? రూమ్‌కి, కారుకి ఏబీసీ పౌడర్ డబ్బా. కంప్యూటర్లు, ప్యానెల్ బోర్డులు ఉన్నచోట సీవోటూ. డబ్బా మీద ఐఎస్‌ఐ మార్కు, ఐఎస్ 15683 నంబర్ చూసుకోండి. ఒక తిరకాసు ఉంది: అమెరికన్ వీడియోల్లో 'సి' అంటే కరెంటు మంట, మన దగ్గర 'సి' అంటే గ్యాస్ మంట. పౌడర్ డబ్బాకి ముల్లు పచ్చరంగులో ఉండాలి. సీవోటూకి ముల్లు ఉండదు, బరువు తూచి చూడాల్సిందే.

వాడేటప్పుడు ముందు మీ వెనక తలుపు ఉందో లేదో చూసుకోండి. తర్వాత పిన్ను లాగండి, మంట మొదలుకి గురిపెట్టండి, హ్యాండిల్ నొక్కండి, అటూ ఇటూ ఊపండి. ఆరేడు అడుగుల దూరం ఉంచండి. సీవోటూ మూతి గొట్టాన్ని పట్టుకోకండి, చలికి చర్మం కాలినట్టయిపోతుంది. చిన్న గదిలో వాడితే వెంటనే బయటికి రండి, ఊపిరాడదు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు వద్దు, స్టవ్ ఆపి మూత పెట్టండి.

చిన్న డబ్బా పది సెకన్ల ఆటే. అది ఖాళీ అయ్యేలోపు మంట తగ్గలేదంటే, లేదా అంటుకుంది స్కూటర్ బ్యాటరీ అయితే, హీరోయిజం వద్దు. అందర్నీ లేపండి, తలుపు మూసి బయటికొచ్చేయండి, 101కి కొట్టండి.

ఈ రాత్రి పడుకునే ముందు మీ అపార్ట్‌మెంట్‌లో డబ్బా ఎక్కడుందో ఒకసారి వెళ్లి ముల్లు చూసి రండి. ముల్లు ఎక్కడుందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!