అసలు పారేసి నకలు దాచుకున్నాం

అసలు, నకలు. ఈ రెండు మాటలూ అరబ్బీవే. ఫార్సీ, ఉర్దూ దఫ్తర్ల మీదుగా తెలుగులోకొచ్చి మనవైపోయాయి. పొలం కాగితాల దగ్గర ఈ తేడా ఎవరికీ చెప్పక్కర్లేదు. అసలు సందూకులో పెట్టి తాళం వేస్తాం, నకలు పట్టుకుని కచేరీల చుట్టూ తిరుగుతాం. వీడియోల దగ్గర మాత్రం మా ఖాన్‌దాన్‌లో ఇది తారుమారైంది. ఆ కసూర్ నాదే.

మా ఇల్లు శాలిబండలో. ఆపా షాదీ 1996లో జరిగింది. మూడు గంటల వీడియో, వీహెచ్ఎస్ కేసెట్ మీద. అందులో అందరం మళ్లీ మళ్లీ చూసేది నికా కాదు, విందు కాదు. ముందు రోజు రాత్రి ఆడవాళ్లు కూర్చుని పాడిన ఢోలక్ కే గీత్. మధ్యలో మా నానీ. ఆమె అందుకుంటే మిగతా వాళ్లు జవాబు పాడేవారు. ఆ పాటలు ఏ కితాబులోనూ లేవు, ఆమె నోట్లోనే ఉండేవి.

తర్వాత వీసీడీల జమానా వచ్చింది. వీసీడీ కొలతలు 1993లో ఖరారయ్యాయి. మన దేశపు టీవీలకు బొమ్మ 352×288 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. సెకనుకు బొమ్మకి 1150 కిలోబిట్లు, ఆవాజ్‌కి 224. ఒక డిస్కులో 74 నిమిషాలే పడుతుంది. అందుకే సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. ఆపా షాదీ కూడా మూడు డిస్కులైంది.

మా మామూ జిద్దాలో కొలువు. సౌదీలో 1980ల మొదట్లో మూతపడ్డ సినిమా హాళ్లు 2018లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. గదిలో పడుకుని ఫోన్‌లో చూసుకునేదే ఆయనకు సినిమా. 2005లో కుంట నిఖిల్ తీసిన ‘ది అంగ్రేజ్’ వచ్చింది. చార్మినార్ గల్లీల దక్కనీ మాట తెర మీద వినిపించేసరికి మామూకి అదే కావాలన్నారు. మరుసటి ఏడు సెలవు మీద వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్న సీడీని ఆయన నోకియా 6600లోకి మార్చే పని నాకు పడింది.

ఆ ఫోన్ తెర 176×208 చుక్కలు. కన్వర్టర్‌లో త్రీజీపీ ఎంచుకున్నాను. బొమ్మ 176×144, సెకనుకు 12 ఫ్రేములు, వీడియోకి 64 కిలోబిట్లు, ఆవాజ్‌కి ఏఎంఆర్ 12. చూస్తే బాగానే ఉంది! సలీం ఫేకు కోతలు ఒక్కో మాటా సాఫ్‌గా వినపడ్డాయి. మామూ ఖుష్. అదే ధైర్యంతో షాదీ వీడియో కూడా అవే సెట్టింగులతో మార్చేశాను.

లెక్క సులువు. వీడియో, ఆడియో కిలోబిట్లు కలిపి, సెకన్లతో గుణించి, 8తో భాగిస్తే కిలోబైట్లు వస్తాయి. వీసీడీ లెక్కన మూడు గంటలకు సుమారు 1,855 ఎంబీ. నా త్రీజీపీ లెక్కన 103 ఎంబీ. 128 ఎంబీ కార్డులో మొత్తం షాదీ పట్టేసింది. శభాష్ అనిపించుకున్నాను.

పోయిందేమిటో తర్వాత తెలిసింది. బొమ్మ చుక్కలు నాలుగో వంతయ్యాయి, ఫ్రేములు సగానికి తగ్గాయి. అంతకంటే పెద్ద నుక్సాన్ ఆవాజ్‌ది. ఏఎంఆర్‌ని టెలిఫోన్‌లో ఒక మనిషి మాట్లాడే మాట కోసం తయారు చేశారు. డైలాగుల సినిమాకి సరిపోతుంది. పదిమంది గొంతులు, చప్పట్లు, ఢోలక్ ఒకేసారి వస్తే దానికి అందదు. నానీ పాట నీళ్లలోంచి వచ్చినట్టు వినపడింది. ఆడియోకి ఏఏసీ 64, తెర 320×240, వీడియోకి 256 ఇచ్చి ఉంటే 432 ఎంబీ అయ్యేది. 2005లో వచ్చిన వీడియో ఐపాడ్ తెర కూడా 320×240యే. అంత పెద్ద కార్డు నా దగ్గర లేదు నిజమే. కానీ మూడు గంటలూ ఇరికించాలన్న హవస్ ఎందుకు? పాటల అరగంట ఒక్కటీ మంచి ఆవాజ్‌తో చేస్తే సరిపోయేది.

అప్పుడు ఫికర్ పడలేదు, అసలు ఇంట్లోనే ఉంది కదా అని. ఇల్లు మారినప్పుడు బూజు పట్టిన కేసెట్‌ని, ‘సీడీలున్నాయిగా’ అని పారేశాం. సీడీల మీద అంటించిన కాగితం లాగితే వెండిపొర ఊడొచ్చింది. 2011లో నానీ ఇంతెకాల్ చేశారు. ఆమె గొంతు మిగిలింది ఆ 103 ఎంబీలోనే.

అందుకే చెబుతున్నాను. మీ అల్మారాలో వీసీడీ ఉంటే అందులో ‘ఎంపెగ్ఏవీ’ ఫోల్డర్‌లోని డాట్ ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టే కాపీ చేయండి. డీవీడీ అయితే ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్ మొత్తం. కేసెట్ అయితే 720×576లో ఎక్కించమని దుకాణంలో అడగండి. అది అసలు. రెండు చోట్ల దాచండి, ఒకటి వేరే ఇంట్లో.

ఫోన్ కోసం నకలు విడిగా చేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ముఫ్త్‌గానే దొరుకుతుంది. ఎంపీ4, హెచ్.264, ఆడియో ఏఏసీ 128 చాలు. కదిలే బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలొస్తే డీఇంటర్లేస్ పెట్టండి. పాత బొమ్మను 1080కి పెంచకండి. ఫైలు లావెక్కుతుంది తప్ప పోయిన ముఖం తిరిగి రాదు.

మొన్న ఈద్‌కి మా బిడ్డ ఆ వీడియో చూసి, ‘అబ్బా, నడుమ కూర్చున్న ఆమె ఎవరు? ముఖమే లేదు’ అంది. పేరు చెప్పాను. ఆమె ఏం పాడుతోందని అడిగింది. మూడుసార్లు విన్నాను. రెండు మాటలు మించి చెప్పలేకపోయాను.