లవ్ లెటర్ నుంచి శుభలేఖ దాకా: ఒక అటాచ్‌మెంట్ కథ

ఈ వారం వేరే టాపిక్ అనుకున్నా. మా బాబాయ్ ఫోన్ చేసి మార్పించేశాడు.

మామూలుగా ఆయన ఫోన్ చేస్తే మిర్చి రేటు, లేకపోతే వాన. ఈసారి మాత్రం, "ఒరే అబ్బాయ్, నరసరావుపేట మావయ్య నంబర్ నుంచి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చిందిరా. వాళ్ళింట్లో పెళ్లీడు పిల్లలే లేరు కదా. నొక్కమంటావా, వద్దా?" అన్నాడు. "వద్దు బాబాయ్, ముందు స్క్రీన్‌షాట్ పంపు" అన్నా. చూస్తే ఫైల్ పేరు చివర డాట్ ఏపీకే. అంటే అది కార్డు కాదు, యాప్. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, పాట పెట్టిన వీడియోగా వస్తుంది. యాప్‌గా ఎందుకొస్తుంది చెప్పండి?

మా బాబాయ్‌కి ఈ అనుమానం ఊరికే రాలేదు. 2016లో మేము దానికి గట్టిగానే ఫీజు కట్టాం. అందులో నా తప్పు కూడా ఉంది, చెప్తా. కానీ ముందు ఇది ఎక్కడ మొదలైందో చూద్దాం. ఎందుకంటే బాబాయ్‌కి వచ్చిన ఆ శుభలేఖకి దాదాపు నలభై ఏళ్ల వంశవృక్షం ఉంది.

1987 డిసెంబర్. జర్మనీలో క్లౌస్తాల్ యూనివర్సిటీ. అప్పటికి ఇళ్లల్లో ఇంటర్నెట్ లేదు, యూనివర్సిటీలనీ ఐబీఎం ఆఫీసులనీ కలిపే పెద్ద కంప్యూటర్ల నెట్‌వర్కులు ఉండేవి. అక్కడి స్టూడెంట్ ఒకడు చిన్న ప్రోగ్రామ్ రాశాడు. రన్ చేస్తే స్క్రీన్ మీద అక్షరాలతో ఒక క్రిస్మస్ చెట్టు గీస్తుంది. మీరు చెట్టు చూసి మురిసిపోయే లోపు అది మీ అడ్రస్ లిస్టు చదివి, అందులో ఉన్న వాళ్ళందరికీ తన కాపీ పంపేస్తుంది. ఏ ఫైలూ పాడు చేయలేదు. కానీ ఆ కాపీల రద్దీకి ఐబీఎం సొంత నెట్‌వర్కే ఊపిరాడక ఆగిపోయింది.

ఇక్కడే ఫార్ములా మొత్తం ఉంది. తెలిసిన వాళ్ళ దగ్గర నుంచి వస్తుంది, తెరవాలనిపించేలా ఉంటుంది, తెరిచాక మన పేరు వాడుకుని మన వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ దీని మనవలూ మునిమనవలే.

1999 మార్చి 26న మెలిస్సా వచ్చింది. ఇది వర్డ్ ఫైల్. మీరడిగిన డాక్యుమెంట్ ఇదిగో అన్నట్టు మెయిల్ ఉంటుంది. తెరిస్తే లోపల ఉన్న మ్యాక్రో లేచి, అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో మొదటి 50 మందికి వెళ్లిపోతుంది. మ్యాక్రో అంటే వర్డ్‌లో, ఎక్సెల్‌లో లోపలే ఉండే చిన్న ప్రోగ్రామ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా ఇంటి కథలో మళ్ళీ వస్తుంది. రాసింది డేవిడ్ స్మిత్ అనే అమెరికన్, 20 నెలలు జైలు పడింది.

ఇక అసలు హీరో, విలన్ అనాలేమో, 2000 మే 4న వచ్చింది. గురువారం. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో మొదలైంది. సబ్జెక్ట్ లైన్ ఐ లవ్ యూ. కింద అటాచ్‌మెంట్ పేరు లవ్-లెటర్-ఫర్-యూ డాట్ టీఎక్స్‌టీ. మామూలు టెక్స్ట్ ఫైల్, టెక్స్ట్ ఫైల్లో వైరస్ ఉండదు, అందరికీ తెలిసిందే. కానీ ఆ పేరు అక్కడితో అయిపోలేదు. దాని వెనక ఇంకో డాట్, వీబీఎస్ అని ఉంది. అంటే విజువల్ బేసిక్ స్క్రిప్ట్, ప్రోగ్రామ్. విండోస్ ఏం చేస్తుందంటే, తనకు తెలిసిన ఫైల్ రకమైతే చివరి ఎక్స్‌టెన్షన్‌ని దాచేస్తుంది. చూడటానికి నీట్‌గా ఉంటుందని. దాంతో చూసేవాడికి టీఎక్స్‌టీ దాకానే కనిపించింది.

మన గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లిన వాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. టిక్కీ పైన మంచి తేజ కాయ, లోపల తాలు. అందుకే అక్కడ కొనేవాడు పైన కాయ చూసి ఎప్పుడూ రేటు చెప్పడు. బస్తా లోపల్నుంచి తీసి, విరిచి, వాసన చూసి అప్పుడు చెప్తాడు. విండోస్ మాత్రం బస్తా మూతి కుట్టేసి, పైన కాయ ఒక్కటే చూపించి, తీసుకో అంది. ఇంకో విషయం. ఈరోజుకీ, విండోస్ 11లో కూడా, ఈ ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. పాతికేళ్లు! నాకైతే ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రోజు ఏమైందంటే, సూర్యుడితో పాటు వైరస్ కూడా పడమటికి వెళ్లింది. ఆసియా ఆఫీసులు ముందు తెరిచాయి, తర్వాత యూరప్, తర్వాత అమెరికా. మెలిస్సా 50 మందితో ఆగితే, ఇది అడ్రస్ బుక్ మొత్తం ఊడ్చింది. వెళ్తూ వెళ్తూ జేపీజీ ఫొటోల మీద తన కోడ్ రాసేసింది, ఎంపీత్రీ పాటల్ని దాచేసింది. బ్రిటన్ పార్లమెంట్ తన మెయిల్ సిస్టమ్ ఆపేసుకుంది. కోట్లల్లో కంప్యూటర్లకి తగిలిందని అంచనాలు.

రాసింది ఎవరో పెద్ద ముఠా కాదు. ఓనెల్ డి గుజ్‌మన్, మనీలాలో కంప్యూటర్ కాలేజీ స్టూడెంట్, మనలాంటి వాడే. డయల్-అప్ ఇంటర్నెట్‌కి డబ్బుల్లేక వేరే వాళ్ళ పాస్‌వర్డులు కొట్టేసే ప్రోగ్రామ్‌ని కాలేజీలో ప్రాజెక్టుగా ప్రపోజ్ చేశాడు, వాళ్ళు రిజెక్ట్ చేశారు. అయినా రాశాడు. కేసు పెట్టారు కానీ నిలబడలేదు. ఎందుకంటే అప్పటికి ఫిలిప్పీన్స్‌లో వైరస్ రాయడం నేరం అని చెప్పే చట్టమే లేదు. ఆ తర్వాత 2000 జూన్ 14న వాళ్ళ ఈ-కామర్స్ చట్టం వచ్చింది. మనదేంటి అంటారా? మన ఐటీ చట్టానికి రాష్ట్రపతి సంతకం అదే జూన్ 9న పడింది, అక్టోబర్ 17 నుంచి అమల్లోకొచ్చింది. మన చట్టం ఈ వైరస్ వల్ల పుట్టలేదు, అంతకు ముందు నుంచే తయారవుతోంది. కానీ అందులో సెక్షన్ 43 కంప్యూటర్ వైరస్ అని పేరు పెట్టి మరీ చెప్తుంది. గుజ్‌మన్ చాలా ఏళ్లు నోరు విప్పలేదు. చివరికి జెఫ్ వైట్ అనే బ్రిటిష్ జర్నలిస్ట్ వెతుక్కుంటూ వెళ్తే, మనీలాలో ఒక చిన్న ఫోన్ రిపేరు కొట్లో దొరికాడు. అవును, నేనే రాశా అని ఒప్పుకున్నాడు.

తర్వాతి సంవత్సరం ఫిబ్రవరిలో టెన్నిస్ ప్లేయర్ అన్నా కుర్నికోవా ఫొటో పేరుతో ఒకటొచ్చింది. మళ్ళీ జేపీజీ డాట్ వీబీఎస్, అదే తాలు, అదే బస్తా. డచ్ కుర్రాడు, 20 ఏళ్లు, రెడీమేడ్ టూల్‌కిట్‌తో చేసేశాడు.

ఇక మా ఇల్లు. మాది పర్చూరు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మిర్చి, పత్తి. మా బాబాయ్‌కి గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు ఉంది. బయటి వాళ్ళకి తెలియనిది ఏంటంటే, కమీషన్ కొట్టు అంటే సరుకు అమ్మిపెట్టడం ఒక్కటే కాదు. రైతు పంట పెట్టుబడికి అడ్వాన్సు ఇస్తారు, సరుకు వచ్చాక కాటా వేసి, రేటు కట్టి, కమీషన్, హమాలీ, అడ్వాన్సు, వడ్డీ పోను మిగిలింది చేతికిస్తారు. అంటే ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటే ఊళ్ళ జాతకం వాళ్ళ దగ్గర ఉన్నట్టే.

నేను బీటెక్ సెకండియర్, సీఎస్ఈ. ఇంట్లో నేనే బిల్ గేట్స్ అన్నమాట. కొట్లో కంప్యూటర్ నేనే పెట్టా. ఎక్సెల్‌లో షీట్ నేనే చేశా, తూకం రేటు కొడితే మొత్తం లెక్క వచ్చేసేలా మ్యాక్రో రాశా. దాంతో షీట్ తెరిచినప్పుడల్లా పైన పచ్చ పట్టీ వచ్చి ఎనేబుల్ కంటెంట్ అని అడిగేది. గుమస్తా గారు పెద్దాయన, కంగారుపడేవారు. నేనేం చెప్పానో తెలుసా? "ఏం కాదండీ, ఆ పచ్చ పట్టీ ఎప్పుడొచ్చినా ఎనేబుల్ కొట్టేయండి."

2016 ఏప్రిల్. సీజన్ మంచి పీక్‌లో ఉంది. రోజుకి లక్ష టిక్కీలు దాటి వస్తున్న రోజులు. కొట్టు మెయిల్‌కి ఇన్వాయిస్ అని ఒక వర్డ్ ఫైల్ వచ్చింది. బయటి రాష్ట్రాల పార్టీల నుంచి రోజూ వచ్చే మెయిల్స్‌లో ఇంకోటి అనుకున్నారు. తెరిస్తే పిచ్చి అక్షరాలు, సరిగ్గా కనపడకపోతే మ్యాక్రో ఎనేబుల్ చేయండి అని ఒక లైను. పైన పచ్చ పట్టీ. గుమస్తా గారు నేను నేర్పినట్టే చేశారు.

దాని పేరు లాకీ. ఆ ఫిబ్రవరిలోనే ప్రపంచం మీద పడిన రాన్సమ్‌వేర్. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, పేర్లు మార్చేసి, వాల్‌పేపర్ మీద బిట్‌కాయిన్ అడుగుతుంది. మమ్మల్ని అడిగింది ఒక బిట్‌కాయిన్, అప్పటికి దాదాపు 30 వేల రూపాయలు. "బ్యాకప్ ఉంది కదరా" అన్నాడు బాబాయ్. ఉంది. పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ సీపీయూ వెనకే గుచ్చి ఉంది, ఊడి ఎక్కడో పడిపోతుందని ఎవరూ తీసేవాళ్ళు కాదు. లాకీ దాన్ని కూడా తాళం వేసేసింది.

డబ్బు కట్టలేదు. కడితే ఇస్తాడని నమ్మకమేంటి అన్నాడు బాబాయ్. లాకీకి ఉచితంగా తాళం తీసే టూల్ ఎక్కడా దొరకలేదు. ఇక మిగిలింది కాగితాలు. కార్బన్ కాపీలు, కోల్డ్ స్టోరేజీ చీటీలు, గుమస్తా గారి పాత పుస్తకం. నా సెలవులన్నీ వాటి ముందే గడిచాయి. కాగితం లేని దగ్గర రైతునే అడిగాం, నువ్వు ఎంత తీసుకున్నావు అని. ఇద్దరు ముగ్గురు తగ్గించి చెప్పారని బాబాయ్‌కి ఇప్పటికీ అనుమానం. ఒకాయన మాత్రం తను తీసుకున్నదానికంటే ఎక్కువ చెప్పాడు. తర్వాత చీటీ దొరికితే 6 వేలు వెనక్కి ఇచ్చాం. గుమస్తా గారు నన్ను ఒక్క మాట అనలేదు. "నేనే చూసుకోవాల్సింది బాబూ" అన్నారు. అది ఇంకా నొప్పి. నేర్పింది నేను కదా.

ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి వస్తే మ్యాక్రోలు వాటంతటవే బ్లాక్ అయ్యేలా మైక్రోసాఫ్ట్ చేసింది 2022లో. మెలిస్సా వచ్చిన 23 ఏళ్లకి.

2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు టీవీలన్నీ అటాచ్‌మెంట్లు తెరవొద్దని ఒకటే చెప్పాయి. మన రాష్ట్రంలో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని వార్తలొచ్చాయి. నిజానికి అది మెయిల్‌తో పాకలేదు. విండోస్‌లో ఒక కన్నం పట్టుకుని కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తనే వెళ్లింది. ఆ కన్నానికి అతుకు మార్చిలోనే వచ్చింది, అప్‌డేట్ కొట్టని వాళ్ళే దొరికారు. మరి అప్పట్లో మన దగ్గర సగం మంది పైరేటెడ్ విండోస్, అప్‌డేట్ వస్తే దొరికిపోతామని ఆఫ్ చేసి పెట్టుకునేవాళ్ళం. మా కొట్లో కూడా అంతే. ఒప్పుకుంటున్నా.

ఎమోటెట్ అని ఇంకోటి ఉంది, 2014లో మొదలైంది. అది ఎప్పుడూ కొత్త మెయిలే పంపదు. మీరూ మీ ఫ్రెండూ నిజంగా మాట్లాడుకున్న పాత మెయిల్ దొంగిలించి, దానికే రిప్లైగా ఫైల్ పెట్టి పంపుతుంది. సబ్జెక్ట్ నిజం, పేరు నిజం, కింద మీరు రాసిన మాటలు కూడా నిజం. తెలియని వాళ్ళ మెయిల్ తెరవకండి అనే పాత సలహా ఇక్కడ చచ్చిపోయింది. అసలు అది మొదటి నుంచీ తప్పు సలహానే. క్రిస్మస్ చెట్టు కూడా తెలిసిన వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది కదా.

ఇప్పుడు బాబాయ్ శుభలేఖ దగ్గరికి రండి. మెయిల్ పోయి వాట్సాప్ వచ్చింది, వీబీఎస్ పోయి ఏపీకే వచ్చింది. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని వస్తాయి. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ అడుగుతుంది. ఇస్తే మీ ఓటీపీలు వాళ్ళవి. వాట్సాప్ కూడా చేతికి చిక్కితే మీ గ్రూపులన్నిటికీ అదే ఫైల్ మీ పేరుతో వెళ్తుంది. మావయ్య పంపలేదు, ఆయన ఫోన్ పంపింది.

మావయ్యకి వెంటనే ఫోన్ చేశా. డేటా ఆఫ్ చేయించా, యాప్ తీసేయించా, బ్యాంకుకి చెప్పించా, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీయించా. డబ్బు పోలేదు, అదృష్టం. పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, మొదటి గంటల్లో అయితే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ.

ఇంట్లో కంప్యూటర్ ఉన్న వాళ్ళు ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. ఏ ఫోల్డర్ అయినా తెరిచి, వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనేదానికి టిక్ పెట్టండి. ఇక బస్తా మూతి తెరిచి ఉంటుంది. వచ్చిన ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసే ముందు జీమెయిల్‌లోనే ప్రివ్యూ చూడండి. పచ్చ పట్టీ అడిగితే పంపిన మనిషికి ఫోన్ చేయండి, మెయిల్‌కి రిప్లై కాదు, ఫోన్. ఫోన్లో అయితే సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ దగ్గర వాట్సాప్‌కి పర్మిషన్ ఉందేమో చూసి తీసేయండి.

మా కొట్లో ఇప్పుడు రెండు హార్డ్ డిస్కులు. ఒకటి సాయంత్రం కాపీ అయ్యాక తీసి బీరువాలోకి, రెండోది వారానికోసారి బాబాయ్‌తో పాటు ఇంటికి. గుమస్తా గారు రిటైరయ్యారు. ఆయన పుస్తకం మాత్రం కొత్త గుమస్తా ఇంకా రాస్తూనే ఉన్నాడు, బాబాయ్ ఆపనివ్వడు.

సరే ఫ్రెండ్స్, మీ ఇంటి గ్రూపుల్లోకి ఏ పేరుతో ఏపీకేలు వస్తున్నాయో కామెంట్లో పెట్టండి. ఫైల్ పెట్టకండి బాబూ, పేరు చాలు. ఉంటా మరి.