వరిగడ్డి దారిన వచ్చిన పుట్టగొడుగు

భారతదేశంలో పుట్టగొడుగుల సాగు చరిత్ర రాసేవారు సాధారణంగా 1961 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో బటన్ పుట్టగొడుగుల పెంపకానికి ఒక పథకం ప్రారంభమైంది. 1983లో అక్కడే జాతీయ స్థాయి పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 1997లో ఆ పట్టణానికి భారతదేశపు పుట్టగొడుగుల నగరమన్న పేరూ దక్కింది. ఆ కథలో తప్పేమీ లేదు గాని, అది చలిసీమ కథ. బటన్ పుట్టగొడుగు మొగ్గ తొడగాలంటే 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి కాబట్టి, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ తూర్పు శివారులో, ఎల్.బి.నగర్ దాటి నాగార్జునసాగర్ రహదారి వెంట వచ్చే తుర్కయంజాల్ వంటి చోట, ఏసీ గది లేకుండా దాన్ని ఏడాది పొడవునా పెంచడం కుదరదు. ఇక్కడి పెరట్లోనో, వసారాలోనో, మేడమెట్ల కింది చిన్న గదిలోనో పెరగగలిగే పుట్టగొడుగుల వంశం వేరు. అది వరి పండే దక్షిణాదిలో, సోలన్ పథకానికి ఇరవయ్యేళ్ల ముందే వేళ్లూనుకుంది.

సాగు తెలియని కాలంలో ఏరుకోవడమే ఉండేది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వానలు పడి నేల నానాక చేల గట్ల మీద, బీళ్లలో, పుట్టల చుట్టూ పైకి లేచే గొడుగులను తెల్లవారకముందే వెళ్లి ఏరి తెచ్చుకోవడం తెలంగాణ పల్లెల్లో పాత అలవాటు. ఉరిమితే పుట్టగొడుగులు మొలుస్తాయన్న నమ్మకమూ అంతే పాతది. ఇటువంటి నమ్మకమే ప్రాచీన గ్రీకులకూ ఉండేదని ప్లూటార్క్ రచనల వల్ల తెలుస్తుంది; ఉరుము వెంట వచ్చే జడివానే మొలకకు కారణమై, పేరు మాత్రం ఉరుముకు దక్కి ఉండాలి. తినదగినదేదో, కుక్కగొడుగేదో (తినడానికి పనికిరాని, విషపూరితమైన రకాలన్నిటికీ ఇది వాడుక పేరు) పెద్దల వెంట తిరిగి నేర్చుకున్న చూపు తప్ప మరో కొలబద్ద ఉండేది కాదు. కూర ఉడికేటప్పుడు వెండి నాణెం వేసి అది నల్లబడుతుందా అని చూసే పరీక్ష ఎందుకూ పనికిరాదు. వానాకాలంలో పచ్చిక మీద వలయాలుగా లేచి, ముదిరాక గొడుగు అడుగున ఉండే రేకులు ఆకుపచ్చగా మారే ఒక జాతి, చూపుకు మేలిరకంలాగే కనిపిస్తూ, తిన్నవారిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది.

ఏరుకునే రకాల్లో అన్నిటికన్నా మక్కువైనది చెదపుట్టల మీద వచ్చేది. దీని ప్రజాతికి టెర్మిటోమైసిస్ అన్న పేరును 1942లో ఫ్రెంచి శిలీంధ్ర శాస్త్రవేత్త రోజే హైమ్ పెట్టాడు. శిలీంధ్రమంటే ఆకుపచ్చదనం లేక, సొంతంగా ఆహారం తయారుచేసుకోలేక, కుళ్లే పదార్థం మీదో మరో జీవి మీదో బతికే జీవజాతి. దాని అసలు శరీరం నేలలోనో గడ్డిలోనో అల్లుకునే సన్నని తెల్లని దారాల వల, పైకి కనిపించే గొడుగు ఆ వల కాసే కాయ వంటిది మాత్రమే. చెదలు ఎండుపుల్లలు, ఆకులు నమిలి తెచ్చి పుట్ట లోపల స్పంజివంటి గూళ్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. తమకు సరిగా అరగని కట్టెను అది అరిగించి పెడుతుంది, దాని మీద లేచే తెల్లని చిన్న గుళ్లను చెదలు తింటాయి. వానాకాలంలో ఆ గూటి నుంచి పొడవాటి వేరువంటి కాడ మట్టిని చీల్చుకుంటూ పైకి వచ్చి, నేలమట్టం దాటాక గొడుగు విప్పుతుంది. ఈ నేల మీద పుట్టగొడుగుల తొలి సాగుదారులు చెదలే అనాలి. మనిషి ఇప్పటికీ ఆ పని చేతకాక, దీన్ని పుట్ట లేకుండా పంటగా పండించలేకపోతున్నాడు. అందువల్ల పుట్టను చదును చేసి, లోపలి గూటిని తవ్వేస్తే అక్కడ దాని కథ ముగిసినట్టే.

ధర్మశాస్త్రాలు పుట్టగొడుగులను ఉల్లి, వెల్లుల్లి సరసన నిలిపి ద్విజులకు నిషేధించాయి. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఆ జాబితా ఉంది. శాకాహార కుటుంబాలు చాలావాటిలో ఇవి నీచుతో సమానమన్న భావన ఇటీవలి దాకా కొనసాగింది. పండించడం పట్ల ఆసక్తి లేకపోవడానికి ఈ నిషేధమొక్కటే కారణమని చెప్పడం తొందరపాటవుతుంది: వానాకాలంలో ఊరికే దొరికేదాన్ని, మూడు పూటలు కూడా నిలవ ఉండనిదాన్ని ఎవరైనా ఎందుకు పండిస్తారు? చైనాలో వెయ్యేళ్ల కిందటే దుంగల మీద, ఫ్రాన్స్‌లో పదిహేడో శతాబ్దం నుంచి గుర్రపు పేడ ఎరువు మీద పుట్టగొడుగులు పెంచారు. ఆ పద్ధతులేవీ ఇక్కడికి రాలేదు.

వచ్చినది వరిగడ్డి పద్ధతి. దక్షిణ చైనాలో పుట్టి ఆగ్నేయాసియాకు పాకిన వరిగడ్డి పుట్టగొడుగును భారతదేశంలో మొదటిసారిగా 1940 ప్రాంతంలో కోయంబత్తూరులో పండించారు. మద్రాసు వ్యవసాయ శాఖకు చెందిన కె.ఎం. థామస్, టి.ఎస్. రామకృష్ణన్, ఐ.ఎల్. నరసింహన్ ఆ విధానాన్ని 1943లో మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్‌లో ప్రకటించారు. థామస్ అప్పటికి ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్త, అంటే పంటలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అణచడం ఆయన ఉద్యోగం. శత్రుశిబిరం నుంచి ఒక మిత్రుణ్ణి వెలికితీసినట్టయింది. ఆనాటికి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నందున కోయంబత్తూరు ఆ జిల్లాల వారికీ స్వంత వ్యవసాయ శాఖ కేంద్రమే. తుర్కయంజాల్ మాత్రం నిజాం రాజ్యంలో ఉంది, ఆ గీతకు ఇవతల ఈ విద్య రావడానికి కాలం పట్టింది.

వరిగడ్డి పుట్టగొడుగును మడిగా పెంచుతారు. చేతి లావు గడ్డి కట్టలను రాత్రంతా నానబెట్టి, నీరు ఓడ్చి, ఒక వరుస నిలువుగా, మరో వరుస అడ్డంగా పేరుస్తూ, ప్రతి వరుస అంచున విత్తనం పెట్టి, దాని మీద కందిపప్పు పిండి చల్లి, చివరకు ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో పది, పదిహేను రోజులకే గుడ్డు ఆకారపు మొగ్గలు లేస్తాయి. అవి విచ్చుకోకముందే కోయాలి. వేడిని ఇంతగా కోరుకునే పంట తెలుగునేలకు తగినదే గాని, దానికి రెండు లోపాలు అంటుకుని ఉన్నాయి: పేర్చిన గడ్డి బరువులో పదో వంతుకు కాస్త మించిన దిగుబడే వస్తుంది, కోసినది ఒక్క రోజుకు మించి నిలవదు, ఫ్రిజ్‌లో పెడితే మరీ త్వరగా నీరుకారిపోతుంది. శ్రీకాకుళానికి ఆనుకుని ఉన్న ఒడిశాలో ఏ రోజు పంట ఆ రోజే అమ్ముడుపోయే సంతలు ఉన్నందువల్ల అది అక్కడ నిలదొక్కుకుంది.

ఇంటి పెంపకానికి నిజంగా దారి తెరిచింది మైసూరు. అక్కడి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, హెచ్.సి. శ్రీవాస్తవ 1962లో ముత్యపు చిప్ప పుట్టగొడుగును వరిగడ్డి మీద పెంచి చూపారు. పెంపకందారులు ఆయిస్టర్ అని పిలిచే ఈ రకాన్ని జర్మనీలో 1917లోనే చెట్ల మొద్దుల మీద పండించారు. మొద్దుల బదులు గడ్డి సరిపోతుందని, అదీ వరిగడ్డి అని తేలడమే ఇక్కడి వారికి ముఖ్యమైన సంగతి. కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు ఇచ్చే ఈ పంటకు 20 నుంచి 30 డిగ్రీల వేడి చాలు, కనుక హైదరాబాద్‌లో జూలై నుంచి ఫిబ్రవరి దాకా కాలం దానిదే. సోలన్‌ను ఆది అనుకునే చరిత్రకారులు ఈ మైసూరు ఘట్టాన్ని ఒక వాక్యంతో దాటేయడం న్యాయం కాదు.

గడ్డి ఊరూరా ఉన్నా, విత్తనం ప్రయోగశాలలోనే తయారవుతుంది. పుట్టగొడుగుల విత్తనమంటే గింజ కాదు. సగం ఉడికించి, సున్నపు పొడి, జిప్సం కలిపి, ఆవిరి పీడనంలో క్రిములు చంపిన ధాన్యం మీద అల్లుకునేలా చేసిన శిలీంధ్రపు దారాలే. ఈ ధాన్యపు విత్తనాన్ని 1930లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జేమ్స్ సిండెన్ రూపొందించాడు. ఈ దేశంలో దానికి ఎక్కువగా జొన్నలు వాడతారు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది; 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు, రాష్ట్ర విభజన తర్వాత 2014లో రాజేంద్రనగర్ ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది. హైదరాబాద్ పరిసరాల వారికి ఈ విద్య శాస్త్రీయంగా అందే దారి ప్రధానంగా అదే.

అంగడిలో మాత్రం ముందు నిలిచింది బటనే. హోటళ్లలో చైనా వంటకాలతో, డబ్బాల్లో నిలవ సరుకుగా వచ్చి, తర్వాత చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో సూపర్ మార్కెట్లకు చేరి, అది మష్రూమ్ అన్న పేరుతో మెనూల్లో శాకాహారం వైపు చోటు సంపాదించింది. పాత నిషేధాన్ని సంఘ సంస్కర్తలకన్నా హోటల్ వంటగదే సడలించింది.

ఇదే కాలంలో తుర్కయంజాల్ నేల రూపు మారింది. మాసబ్ చెరువు ఉన్న ఈ ఊరు మొదట హయత్‌నగర్ మండలంలో, 2016 జిల్లాల పునర్విభజన తర్వాత అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉండి, 2020 జనవరిలో తొలి పురపాలక ఎన్నికలు చూసింది. దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం నిండాక నగరం సాగర్ రహదారి వెంటే పాకడంతో పొలాలు వెంచర్లుగా, గట్లు ప్లాట్ల హద్దురాళ్లుగా మారాయి. గట్లతో పాటు పుట్టలూ పోయాయి. ఏరుకునే పుట్టగొడుగు తగ్గిన కొద్దీ పెంచుకునేదానికి అవసరం పెరగడం ఇక్కడి వింత: మడిచెక్క అక్కరలేని, ఎండ తగలనక్కరలేని, నూరు చదరపు అడుగుల నీడలో ఒదిగే పంట భూమి లేనివారికే అనువైనది. అయితే గడ్డి ఇక్కడిది కాదు. ఇంకా వరి పండే ఊళ్ల నుంచి తెచ్చుకోవాలి. నాట్లు, కోతలు ఉన్న రోజుల్లో కల్లంలో ఊరికే దొరికిన గడ్డి ఇప్పుడు రవాణా ఖర్చుతో ఇంటికి చేరే సరుకైంది.

ఇంటి స్థాయిలో పని ఇలా సాగుతుంది. గడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా నరికి, రాత్రి నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. ఫార్మాలిన్, బావిస్టిన్ రసాయనాలు కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి షెడ్లలో వాడుకలో ఉన్నా, పిల్లలు తిరిగే ఇంటికి వేడినీళ్లే మేలు. తర్వాత నీడన పరిచి, పిడికిట్లో గట్టిగా పిండితే చుక్క రాలకుండా అరచేయి తడిసేంతవరకే ఆరబెట్టాలి. తడి ఎక్కువైతే పచ్చబూజు పడుతుంది, తక్కువైతే దారాలు అల్లుకోవు. ఆ గడ్డిని పాలిథిన్ సంచిలో అరలరలుగా నింపి, అర అరకూ అంచుల్లో విత్తనం చల్లి, మూతి కట్టి, సంచికి రంధ్రాలు చేసి చీకటి గదిలో వేలాడదీస్తారు. రెండు, మూడు వారాల్లో గడ్డి తెల్లగా గడ్డకట్టి, రంధ్రాల దగ్గర గుండుసూది తలలంత మొగ్గలు కనిపిస్తాయి; అప్పటి నుంచి వెలుతురు, గాలి, చుట్టూ వేలాడే గోనెపట్టాలకు రోజుకు రెండు, మూడుసార్లు తడి కావాలి. గొడుగు అంచులు పైకి తిరగకముందే కోయాలి: ముదిరితే అవి లెక్కలేనన్ని సిద్ధబీజాలు, అంటే పొడివంటి పునరుత్పత్తి కణాలు, గాలిలోకి వదులుతాయి, మూసిన గదిలో వాటిని రోజూ పీల్చేవారికి దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల వాపు రావచ్చు. పడకగది పక్కన సంచులు వేలాడదీయడం అందుకే తగదు.

మార్చి నుంచి జూన్ దాకా ఆయిస్టర్ వాడిపోయే కాలానికి జవాబు పాల పుట్టగొడుగు. దీన్ని 1974లో పశ్చిమ బెంగాల్‌లో పుర్కాయస్థ, చంద్ర గుర్తించి వర్ణించారు. రెండు దశాబ్దాలకు పైగా పెద్దగా ఎవరికీ పట్టకపోగా, 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే–2 అన్న రకాన్ని విడుదల చేశాకే పంటగా నిలబడింది. దీనికి 30 నుంచి 35 డిగ్రీల వేడి నచ్చుతుంది. గడ్డి అల్లుకున్నాక సంచిని సగానికి కోసి, సున్నం కలిపి వేడిచేసిన మట్టిని అంగుళం మందాన పైన పరిస్తే పది, పన్నెండు రోజుల్లో లావుపాటి తెల్లని కాడలు లేస్తాయి. కోశాక మూడు, నాలుగు రోజులు చెక్కుచెదరకపోవడం వల్ల సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్ల దాకా తీసుకువెళ్లినా సరుకు పాడవదు.

ఇంతగా ఇంటికి దగ్గరైన ఈ పంటలో పెంపకందారు చేతికి రానిది విత్తనమొక్కటే. వరి రైతు గింజ దాచుకోగలడు. అల్లుకున్న గడ్డిముక్కను మరో సంచిలో వేసి విత్తనంగా వాడేవారు ఉన్నా, రెండు, మూడు తరాలకు బలం తగ్గి, బూజు చేరి, పంట పడిపోతుంది. తెచ్చిన విత్తనాన్ని నెలలోపు వాడాలి, ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేస్తే దారాలు చచ్చిపోతాయి కనుక, వేసవిలో దాన్ని తెచ్చుకునేవారు పొద్దున్నే బయల్దేరి, ఎండ ఎక్కకముందే ఇల్లు చేరాలి.