పల్నాటి ఇళ్ళలో కలపకు పూతలు

కలప పూత అనగా, చిత్రిక పట్టి నునుపు చేసిన చెక్కను ఎండ, తడి, బూజు, రాపిడి నుండి కాపాడుతూ దాని సహజమైన రంగును ఎత్తి చూపేందుకు గాని, మరొక రంగుతో కప్పేందుకు గాని పట్టించే నూనె, లక్క, వార్నిష్, ఎనామెల్ వంటి పదార్థం. వీటిలో అవిసె నూనె వంటివి చెక్క రంధ్రాలలోకి ఇంకి అక్కడే గట్టిపడగా, లక్క, వార్నిష్, రంగు వంటివి చెక్కపై పొరగా నిలుస్తాయి. ఈ రెంటిలో దేనిని ఎంచుకోవాలన్నది అందం కన్నా ముందు ఆ చెక్క ఉండబోయే చోటును బట్టి తేల్చుకోవలసిన విషయం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో దీనికి మరింత ప్రాధాన్యం ఉన్నది. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటిగా పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు ఎండి కుంచించుకుపోయిన తలుపు చెక్క, వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది; ఈ మార్పు నార పొడవునా దాదాపు ఉండక, అడ్డంగానే ఎక్కువగా ఉంటుంది కనుక, పెళుసైన పూత ఏదైనా మొదట పలకల అతుకుల దగ్గరే చిట్లుతుంది.

ద్వారబంధాలకూ తలుపులకూ టేకు, వేప, బండ్లకూ సేద్యపు పనిముట్లకూ నల్లతుమ్మ ఈ ప్రాంతంలో చిరకాలంగా వాడుకలో ఉన్న కలపలు. టేకు చేవలో, అనగా మాను నడుమ ముదిరిన భాగంలో, సహజమైన నూనె ఉండుట వలన అది చెదలకు సులభంగా లొంగదు గాని, అదే నూనె పై పొరను సరిగా అంటుకోనివ్వదు. అందుచేత పూతకు ముందు థిన్నర్‌లో తడిపిన గుడ్డతో టేకును తుడవడం అవసరం. బెరడును ఆనుకొని ఉండే లేత చెక్కకు ఈ రక్షణ లేదు. టేకు పేరుతో కొన్న దూలంలో ఆ లేత భాగం ఎంత ఉన్నదో చూడకుండా పూతల మీద ఎంత ఖర్చుపెట్టినా ఫలితం దక్కదు. నల్లతుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం అధికం కనుక తడి తగిలినప్పుడు ఇనుప మేకుల చుట్టూ నల్లని మరకలు తేలుతాయి. పచ్చి చెక్కపై పూత వేస్తే లోపలి నీరు బయటకు వచ్చే దారిలో పొరను బొబ్బలుగా లేపుతుంది. ఆరబెట్టని కలప లోపాన్ని ఏ పూతా సరిదిద్దలేదు.

వీధి వైపు తలుపులకు మెరిసే పారదర్శక వార్నిష్ వేయించడం ఇటీవల బాగా ప్రబలిన అలవాటు. చెక్కలోని కణాలను బంధించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విచ్ఛిన్నం చేస్తాయి. పారదర్శకమైన పొర వీటిని చాలావరకు లోపలికి పోనిస్తుంది కనుక, పొర చెక్కుచెదరక ముందే దాని కింది చెక్క పొడిబారి, పట్టు వదిలి, వార్నిష్ రేకులు రేకులుగా ఊడుతుంది. రంగులోని వర్ణకపు పొడి ఆ కిరణాలను అడ్డుకొంటుంది. అందువలన పడమటి ఎండ నేరుగా పడే మాచర్ల, గురజాల వీధి తలుపులకు ప్రైమర్ మీద రెండు చేతుల ఎనామెల్ పూత అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. టేకు నార కనిపించాలని కోరుకొనేవారికి ఉడికించిన అవిసె నూనె మేలు: అది గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి గట్టిపడుతుంది, రేకులుగా ఊడదు, వెలిసినప్పుడు పాత పొరను గీకే పని లేకుండా మళ్ళీ పూయవచ్చు. ఇంట్లో ఉన్నదని ఆముదం పూయడం మాత్రం తగదు. అది ఎన్నడూ గట్టిపడని నూనె కావడంతో జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకొంటుంది.

అన్నిటికన్నా కఠినమైన పరీక్షకు గురయ్యేది గడప. శుక్రవారాలలోనూ పండుగలలోనూ దానిని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ముగ్గు వేసే ఆచారం వలన తడి, పొడి, కాలి రాపిడి మూడూ ఆ ఒక్క చెక్క మీదనే పడతాయి. లక్క పాలిష్ వేసిన గడప నీరు తగిలిన కొద్ది కాలానికే తెల్లబారుతుంది. పసుపులోని రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. కొత్త సున్నపు గోడను ఆనుకొన్న చోట క్షారం తగిలి ఎర్రగా మారుతుంది కూడ. గడపకు పసుపు రంగు ఎనామెల్ వేసి, దానిమీద తెలుపు, ఎరుపు రంగులతో ముగ్గులు దిద్దించే నేటి పద్ధతిని కొందరు ఆచారానికి లోటుగా భావించినా, చెక్క ఆయుష్షు దృష్ట్యా అది మంచి పరిష్కారమే. ఆ పొర మీద పసుపు రాసి కడిగినా చెక్కకు తడి అందదు.

కంటికి కనిపించే ముఖాల కన్నా కనిపించనివి ముఖ్యం. నార తెగిన కొన భాగం నీటిని పక్క భాగం కన్నా ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకొంటుంది కనుక, ద్వారబంధం కాళ్ళ అడుగులు, తలుపు కింది అంచు, గోడలోకి పోయే వెనుక వైపు బిగించక ముందే పూతకు నోచుకోవాలి. సున్నపు బట్టీలకు ప్రసిద్ధమైన పిడుగురాళ్ళ ఈ జిల్లాలోనే ఉండగా, సున్నంలోనూ సిమెంటులోనూ గల క్షారం నూనె రంగును సబ్బుగా మార్చి మెత్తబరుస్తుందన్న సంగతి మేస్త్రీలు గుర్తుంచుకోవలసినది; తడి గోడను ఆనుకొనే ముఖానికి తారు పూయడం వాడుకలో ఉన్న ఉపాయం. చెదలు నేల నుండి మట్టి దారులు కట్టుకొంటూ వస్తాయి కాబట్టి పై పూత ఒక్కటే వాటిని ఆపదు. చెక్క లోతులకు మందును ఎక్కించే పద్ధతులలో ప్రపంచమంతటా వ్యాపించిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిశ్రమాన్ని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం రూపొందించారు; ఆర్సెనిక్ విషప్రభావం దృష్ట్యా అనేక దేశాలు తర్వాత నివాస గృహాలలో దాని వాడకాన్ని పరిమితం చేశాయి.

ఇంటి లోపలి సామానుకు లక్కను మించిన సొగసైన పూత అరుదు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే జిగురును శుద్ధిచేసి పలుచని రేకులుగా తీస్తారు. లీటరు స్పిరిట్‌కు సుమారు 140 గ్రాముల రేకులను కరిగించి, దూదిని మెత్తని గుడ్డలో చుట్టిన ఉండతో పలుచగా, పలుమార్లు రుద్దితే ఫ్రెంచ్ పాలిష్ అవుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో కొయ్య బొమ్మలకు లక్క పట్టించడానికి స్పిరిట్ అవసరమే లేదు: తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకొంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేడి గిన్నె, నీరు, స్పిరిట్ మూడూ లక్కకు శత్రువులు కనుక భోజనాల బల్లకు పాలీయురెథేన్ పూతే నయం. రెండు రసాయనాలు కలిసి బిగిసే ఆ పొర గట్టిది, గీతలు పడినప్పుడు బాగుచేయడం మాత్రం కష్టం.

పనికి అనువైన కాలం సంక్రాంతి నుండి శివరాత్రి వరకు. వానాకాలపు తేమలో స్పిరిట్ పాలిష్ మబ్బుపట్టినట్లు తెల్లబారుతుంది. వేసవి మధ్యాహ్నం పొర పైభాగం ముందే ఆరి బుడగలూ బ్రష్ చారలూ మిగులుతాయి. ముందుగా 80, తరువాత 120, 180, 220 సంఖ్యల ఉప్పు కాగితంతో ఎప్పుడూ నార వెంబడే రుద్దాలి, ఏలననగా అడ్డంగా పడిన గీతలు పాలిష్ కింద మరింత స్పష్టంగా తేలుతాయి. ఎనామెల్‌కు ప్రైమర్ ఆరిన పిమ్మట లప్పం పెట్టి, పూతకూ పూతకూ నడుమ తేలికగా రుద్ది దుమ్ము తుడవాలి. మందంగా ఒక్క చేయి వేసిన పూత కన్నా పలుచగా వేసిన రెండు చేతుల పూత మన్నిక ఎక్కువ.

పాత తలుపుల రంగును పొడిగా గీకడం ప్రమాదకరం. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు పూతల దుమ్ములో సీసం ఉండే అవకాశం ఉన్నది కనుక తడిపి రుద్దడం, పిల్లలను దూరంగా ఉంచడం తప్పనిసరి. అవిసె నూనెలో తడిసిన గుడ్డలు, దూది కుప్పగా ఉంటే గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటకు పోలేక వాటంతటవే అంటుకొంటాయి. అందుచేత వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.