అద్దంలో ఎర్రచుక్క

నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీ మైదానంలో సభ జరిగినా, బోధన్ బస్టాండు ముందు ర్యాలీ సాగినా నాయకుడి భుజం వెనక ఒక మనిషి తప్పక ఉంటాడు. జనం నోట అతడు గన్‌మన్. చప్పట్లు కొట్టడు, నినాదం ఇవ్వడు, వేదిక మీద ఎవరేం మాట్లాడుతున్నారో పట్టించుకోడు. అతడి చూపంతా జనం చేతుల మీదే. సఫారీ చొక్కా కింద, నడుముకు ఆనుకుని పిస్టల్ ఉంటుంది. అవసరం పడితే అతడికి దొరికేది రెండు మూడు క్షణాలు. ఆ కాస్త వ్యవధిలోనే చొక్కా పైకి లాగాలి, పిస్టల్ తీయాలి, చుట్టూ ఉన్న అమాయకులకు తగలకుండా గురి చూడాలి.

ఈ గురి చూడటమనే పని పిస్టళ్ల విషయంలో నూరేళ్లకు పైగా ఒకే తీరున సాగింది. వెనక ఒక గంటు, ముందు ఒక మొన, వాటికి సూటిగా లక్ష్యం. పోలీసు ట్రైనింగ్‌లో కానిస్టేబుళ్లు మొదట వల్లె వేసేది బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ టిప్ అన్న ఈ రెండు మాటలే. గత పదిహేనేళ్లలో ఆ పద్ధతికి పోటీ వచ్చింది. పిస్టల్ పైభాగాన బొటనవేలంత చట్రం, అందులో నిలువుగా ఒక చిన్న అద్దం, అద్దంలో వెలిగే ఎర్రచుక్క. అదే రెడ్ డాట్ సైట్. సినిమాల్లో ఎదుటివాడి ఛాతీ మీద వాలే ఎర్రచుక్కతో దీన్ని కలపకూడదు. అది లేజర్, అందరికీ కనిపిస్తుంది. ఇది కాల్చేవాడి కంటికి తప్ప మరెవరికీ కనిపించదు. లక్ష్యం మీద ఏ వెలుగూ పడదు.

దీని అవసరం తుపాకీలో కన్నా కంట్లో ఎక్కువ ఉంది. వెనక గంటు, ముందు మొన, అవతల మనిషి, మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే పాత పద్ధతిలో మొన మీద చూపు నిలపమంటారు. అప్పుడు మనిషి మసకబారతాడు. ప్రాణాపాయంలో ఉన్నవాడి చూపు మాత్రం ఎదుటివాడి మీదనుంచి కదలనంటుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాడికైతే చేతి దూరంలో ఉన్న మొన కూడా అలికినట్టు ఉంటుంది. గన్‌మన్ డ్యూటీ చేసే హెడ్ కానిస్టేబుళ్లలో ఆ వయసు దాటినవారు తక్కువేమీ కాదు.

ఎర్రచుక్క ఈ చిక్కును ఎలా విప్పుతుందో చూడాలంటే మన్మాడ్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చోవాలి. పట్టాల పక్కనున్న చెట్లు వెనక్కి పరుగెడతాయి, చందమామ మాత్రం వెంటే వస్తుంది. అంత దూరం నుంచి వచ్చే కాంతి కిరణాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి మనం జరిగినా దాని దిక్కు మారదు. రెడ్ డాట్‌లో చేసేది కూడా ఇదే. ఒక చిన్న ఎల్ఈడీని వంపు తిరిగిన అద్దం నాభి దగ్గర పెడతారు. ఆ అద్దం పూత ఎరుపు కాంతిని వెనక్కి తిప్పి, మిగతా కాంతిని దాటనిస్తుంది. తిరిగొచ్చిన ఎరుపు కిరణాలు సమాంతరమై కంటికి చేరతాయి. చుక్క అద్దం మీద ఉన్నట్టు కాక, ఎంతో దూరాన లక్ష్యం దగ్గరే ఉన్నట్టు తోస్తుంది. తల కాస్త అటూ ఇటూ జరిగినా చుక్క చూపే దిక్కు దాదాపుగా మారదు. రెండు కళ్లూ తెరిచి మనిషిని చూస్తే చాలు, చుక్క ఆ చూపులోకే వచ్చి నిలుస్తుంది.

ఈ ఆలోచన తుపాకులు చేసేవాడిది కాదు, నక్షత్రాలు చూసే దుర్భిణులు చేసేవాడిది. పేరు హోవర్డ్ గ్రబ్. 1844లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ గ్రబ్‌ది కూడా టెలిస్కోపుల పనే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ మహా టెలిస్కోపు, వియన్నా వేధశాలలోని 27 అంగుళాల టెలిస్కోపు వాళ్ల కార్ఖానాలో తయారైనవే. గ్రబ్ 1900లో ఒక కొత్త గురి పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది రాయల్ డబ్లిన్ సొసైటీ పత్రికలో దాని పనితీరును వివరించాడు. తుపాకీకి మొనా గంటూ అక్కర్లేదనీ, అనంత దూరంలో ఉన్నట్టు తోచే ఒక గుర్తును అద్దంలో ప్రతిబింబింపజేసి లక్ష్యం మీద నిలిపితే చాలనీ అతడి వాదన. అప్పటికి ఎల్ఈడీ లేదు, చిన్న బ్యాటరీ లేదు. మిగిలిందంతా ఇవాళ్టి ఎర్రచుక్కే.

ఇక్కడే కథ తెలుగునేలను తాకుతుంది. గ్రబ్ ఆ వ్యాసం అచ్చువేసిన 1901లోనే హైదరాబాద్ ప్రముఖుడు నవాబ్ జఫర్ జంగ్ గ్రబ్ తయారీ 15 అంగుళాల టెలిస్కోపును కొన్నాడు. ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల కట్టి, ఆరో నిజాం అనుమతితో నిజామియా అని పేరు పెట్టాడు. 1907లో ఆయన చనిపోయాక, 1908లో సర్కారు దాన్ని స్వాధీనం చేసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. టి.పి. భాస్కరన్ వంటి ఖగోళ శాస్త్రవేత్తలు ఆ గ్రబ్ దుర్భిణితో వెలుగు మారే నక్షత్రాలను, చంద్రుడి చాటుకు వెళ్లే నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించారు. ఆ టెలిస్కోపు కొన్న నాటికి ఇందూరు ఇంకా నిజామాబాద్ కాలేదు, నిజాంసాగర్ కట్టలేదు, బోధన్‌లో చెరకు ఫ్యాక్టరీ లేదు. ఆ రాజ్యపు రాజధానికి మాత్రం ఎర్రచుక్క మూలపురుషుడి పనితనం చేరిపోయింది. ఈ విషయం ఆయుధాల చరిత్రలు రాసేవారి కంటా, హైదరాబాద్ చరిత్రలు రాసేవారి కంటా అంతగా పడినట్టు లేదు. పడి ఉండాల్సింది.

తుపాకీకి పనికొస్తుందని గ్రబ్ చెప్పినా, ఆ అద్దం ముందుగా ఎక్కింది విమానాలనే. 1918లో జర్మన్లు ఓయిగీ కంపెనీ చేసిన రిఫ్లెక్టర్ సైట్లను ఫోకర్, ఆల్బట్రాస్ యుద్ధ విమానాల మీద పరీక్షించారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కట్టి, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసిన రోజుల్లో బ్రిటిష్, జర్మన్ ఫైటర్ విమానాల్లో ఇలాంటి సైట్లు మామూలయ్యాయి. కదిలే విమానంలో పైలట్ తల ఒకచోట నిలవదు కదా, తల కదిలినా గురి మారని ఈ సుగుణం అక్కడ బాగా అక్కరకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే 1945 ప్రాంతంలో నైడార్ అనే సైట్ పక్షుల వేటగాళ్ల షాట్‌గన్‌ల కోసం అమెరికాలో అమ్మకానికి వచ్చింది. వెలుతురు తగ్గితే అందులో గుర్తు కనిపించేది కాదు. అది నిలవలేదు.

అసలు మలుపు స్వీడన్‌లో వచ్చింది. 1975లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ బ్యాటరీతో వెలిగే మొదటి ఎలక్ట్రానిక్ సైట్‌ను వేటగాళ్లకు అమ్మింది. జంతువులు పొదల్లోంచి దూకి క్షణంలో మాయమయ్యే చోట, కళ్లు రెండూ తెరిచి కాల్చే వీలు వాళ్లకు వరంలా దొరికింది. వేట తర్వాత పోటీ. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రాక్టికల్ షూటింగ్ ప్రపంచ పోటీల్లో అమెరికన్ డగ్ కోనిగ్ ఎర్రచుక్క బిగించిన పిస్టల్‌తో విజేత అయ్యాడు. అప్పటిదాకా బొమ్మలా చూసినవాళ్లే తర్వాత ఎగబడి కొన్నారు. 1997లో అమెరికా సైన్యం తన రైఫిళ్ల కోసం ఎయిమ్‌పాయింట్‌కు భారీ ఆర్డర్ ఇచ్చింది.

అయినా కోనిగ్ పిస్టల్‌ను చొక్కా కింద దాచడం కుదిరే పని కాదు. అప్పటి సైట్ గొట్టంలా ఉండేది, దాన్ని పిస్టల్ చట్రానికి బిగించేవారు. దాచుకునే పిస్టల్ మీద అది ఇమడాలంటే పైన ముందుకూ వెనక్కీ దూకే స్లైడ్ మీదే కూర్చోవాలి. తూటా పేలిన ప్రతిసారీ స్లైడ్ విసురుగా వెనక్కి వెళ్లి ఆగుతుంది, మళ్లీ ముందుకు వచ్చి కొట్టుకుంటుంది. అద్దం, సోల్డరింగ్, బ్యాటరీ పట్టు, అన్నీ ఆ దెబ్బను వేలసార్లు ఓర్చుకోవాలి. జర్మనీ డాక్టర్ సైట్ వంటివి 1990లలోనే పరిమాణాన్ని తగ్గించాయి. 2009లో అమెరికన్ కంపెనీ ట్రిజికాన్ తెచ్చిన ఆర్ఎంఆర్, గట్టి అల్యూమినియం చట్రంతో ఆ దెబ్బలకు నిలబడింది. 2015లో గ్లాక్ సంస్థ సైట్ బిగించడానికి వీలుగా స్లైడ్‌ను ముందే చెక్కిన పిస్టళ్లను మార్కెట్లోకి దించింది. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ పిస్టల్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఆ తర్వాత సైట్లు ఇంకా సన్నబడ్డాయి, సన్నటి పిస్టళ్ల వెడల్పుకు సరిపోయాయి. అద్దానికీ ఎల్ఈడీకీ మధ్య దుమ్ము, వాన, నూలుపోగులు చేరకుండా నాలుగు వైపులా మూసేసిన రకాలు కూడా వచ్చాయి.

చుక్క సైజును మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కోణపు కొలతలో చెబుతారు. 3 మినిట్ల చుక్క 10 మీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు కన్నా తక్కువ మేర కప్పుతుంది, 25 మీటర్ల దూరంలో సుమారు 2.2 సెంటీమీటర్లు. పిస్టల్ వాడే దూరాలకు ఆ మాత్రం కచ్చితత్వం చాలు. చిక్కులూ లేకపోలేదు. కొత్తవాడు పిస్టల్ ఎత్తగానే చుక్క కనిపించదు, దాని కోసం మణికట్టు తిప్పుతూ సమయం పోగొట్టుకుంటాడు. మొన కనిపిస్తే చేయి ఎటు తప్పిందో తెలుస్తుంది, చుక్క కనిపించకపోతే ఏమీ తెలియదు. వందలసార్లు ఒరలోంచి తీసి ఎత్తే సాధన చేస్తేగాని ఆ అలవాటు పడదు. కంటిపొరలో వంపు లోపం ఉన్నవారికి చుక్క గుండ్రంగా కాక, చెదిరిన నక్షత్రంలా కనిపిస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే నిజామాబాద్ వంటి ఊరిలో చొక్కా కింద చెమట అద్దానికి పట్టడం కూడా చిన్న సంగతి కాదు.

ఇంతకీ మన దగ్గర ఇది మామూలు లైసెన్సుదారు చేతికి ఎందుకు రాలేదు? ధర ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. పశ్చిమ దేశాల్లో ఎర్రచుక్క వేట, పోటీ, ఆత్మరక్షణ అనే మూడు దారుల్లో నడిచి సామాన్యుడిని చేరింది. ఇక్కడ ఆ మూడు దారులకూ గేట్లున్నాయి.

వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆపింది. పశ్చిమ దేశాల వేటగాళ్లు గురి చూసే అడవిపంది బోధన్, వర్ని ప్రాంతాల రైతుకు కొత్తేమీ కాదు. రాత్రికి రాత్రి పంటను తొక్కేసి పోతుంది. పంట కాపలా కోసం 1959 ఆయుధ చట్టం తలపెట్టింది మాత్రం మందు దట్టించి పేల్చే పాతకాలపు నాటు తుపాకీని. దాని మీద ఎలక్ట్రానిక్ సైట్ ఊహకే అందదు. ఇక పోటీ సంగతి. మన దేశంలో పిస్టల్ షూటింగ్ అంటే ప్రధానంగా ఒలింపిక్ విభాగాలే, అక్కడ అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలు మొనా గంటూ ఉన్న సైట్లను మాత్రమే ఒప్పుకుంటాయి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణంతో పాటు మూడు రజతాలు తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ అయినా ఆ మొన మీద చూపు నిలిపి గెలవాల్సిందే.

మూడోది ఆత్మరక్షణ. 9 ఎంఎం పిస్టల్ ఇక్కడ నిషిద్ధ బోరు కాబట్టి లైసెన్సుదారుకు దొరికేది ఎక్కువగా సర్కారు ఆయుధ కర్మాగారాల .32 పిస్టలో రివాల్వరో. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది, బరాత్‌లలో గాలిలో కాల్చడాన్ని శిక్షార్హం చేసింది. ఎన్నికలొస్తే కలెక్టర్, పోలీసు అధికారులున్న స్క్రీనింగ్ కమిటీ చెప్పినవారు తమ ఆయుధాలను ఠాణాలో జమ చేయాలి. పసుపు రైతుల నామినేషన్లతో 185 మంది అభ్యర్థులు నిలిచిన 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక ఈ ప్రాంతానికి మరపురానిది. అలాంటి వేడి రోజుల్లో ఆయుధం ఇంట్లో లేకపోవడమే ఊరికి క్షేమం. 2016 ఆయుధ నియమాలు మరో మాట స్పష్టంగా చెప్పాయి. బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ను ఒరలోనో సంచిలోనో పెట్టి పూర్తిగా కప్పి ఉంచాలి. అమెరికాలో ఆయుధం దాచుకుని తిరగడం చాలా కాలం ప్రత్యేక అనుమతితో దొరికే వెసులుబాటు, మన దగ్గర లైసెన్సుదారుకు కప్పి ఉంచడమే విధి.

అందుకే ఎర్రచుక్క ఇక్కడికి సైన్యం, పోలీసు దారిలో వచ్చింది. 2000 తర్వాత మన ప్రత్యేక బలగాలకు వచ్చిన ఇజ్రాయెలీ టావోర్ రైఫిళ్లతో రిఫ్లెక్స్ సైట్లూ వచ్చాయి. తర్వాతి అడుగులు తెలుగునేల మీదే పడ్డాయి. సైన్యాధికారి లెఫ్టినెంట్ కల్నల్ ప్రసాద్ బన్సోడ్, పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల కలిసి రూపొందించిన అస్మి 9 ఎంఎం మెషిన్ పిస్టల్‌ను హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ తయారుచేస్తోంది. పైన సైట్ బిగించుకునే పట్టీతోనే అది వస్తుంది. 2024లో సైన్యపు నార్తర్న్ కమాండ్ 550 అస్మిలకు ఆర్డర్ ఇచ్చింది. అద్దాల పని విషయంలో మచిలీపట్నానిది ఇంకా పాత చరిత్ర. 1926లో అక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, సైన్యానికి రాత్రివేళ చూపునిచ్చే పరికరాలు తయారుచేస్తోంది. దగ్గర్లోని నిమ్మలూరులో అదే సంస్థ కొత్త ఫ్యాక్టరీ 2025 అక్టోబరులో జాతికి అంకితమైంది.

గన్‌మన్‌ల పిస్టళ్ల మీదకు ఈ సైట్లు రావాలంటే పోలీసు శాఖ ముందుగా లెక్క వేసుకోవాల్సింది సైట్ ధరను కాదు, తూటాల ఖర్చును. చుక్కను వెతుక్కోకుండా పిస్టల్ ఎత్తే అలవాటు పడాలంటే ఏడాదికి ఒకసారి ఫైరింగ్ రేంజికి తీసుకెళ్తే సరిపోదు. ఖాళీ పిస్టల్‌తో రోజూ కాసేపు సాధన, నెలనెలా తూటాలతో పరీక్ష, బ్యాటరీ ఏ తేదీన మార్చారో రిజిస్టరులో నమోదు, చుక్క ఆరిపోతే మొనతోనే కాల్చగలిగేలా పాత సైట్లనూ అలాగే ఉంచడం, ఇవన్నీ ఆ ఎర్రచుక్కతో పాటే కొనాలి.