ఒకే తేదీ, ఒకే నగరం, నలుగురు నాయకులు

పాలకుల పుట్టినరోజులు జరపడం పాత ఆచారమే. మొగలు చక్రవర్తులు తమ జన్మదినాన బంగారంతో, వెండితో తులాభారం తూగేవారు. చక్రవర్తులు పోయారు, త్రాసులు పోయాయి, ఆచారం మాత్రం పోలేదు. ప్రజాప్రభుత్వాలు సైతం తమకు నచ్చిన నాయకుల జన్మదినాలను పంచాంగంలోకి ఎక్కిస్తూనే ఉన్నాయి. డిసెంబరు 25 సంగతే చూడండి. పాకిస్తానుకు అది కాయిదే ఆజం జిన్నా జన్మదినం, ప్రభుత్వ సెలవు. 2014 నుంచి భారత ప్రభుత్వానికి అదే రోజు అటల్ బిహారీ వాజపేయి జన్మదినం, 'సుపరిపాలనా దినం'. కాశీ హిందూ విశ్వవిద్యాలయ స్థాపకుడు మదన్ మోహన్ మాలవీయ పుట్టిందీ ఆ తేదీనే, 1861లో అలహాబాదులో. మూడుసార్లు పాకిస్తాను ప్రధాని అయిన నవాజ్ షరీఫ్ కూడా ఆ తేదీవాడే, 1949లో లాహోరులో పుట్టాడు.

దీన్ని వింతగా చెప్పుకునేవారున్నారు. వింతగా చెప్పుకుని ఊరుకుంటే నాకు పేచీ లేదు. కాని వింత వెనకాలే జాతకం వస్తుంది, జాతకం వెనకాలే 'కారణజన్ముడు' అనే మాట వస్తుంది. ఆ మాట వచ్చిన తరువాత చరిత్రకు పని ఉండదు. అందుచేత ఈ నలుగురినీ తేదీ దగ్గర కాక ఒక స్థలం దగ్గర నిలబెట్టి చూద్దామని నా ప్రయత్నం. ఆ స్థలం లాహోరు. నలుగురి రాజకీయ జీవితాలూ ఏదో ఒక ఘట్టంలో ఆ నగరాన్ని తాకాయి.

ముందు తేదీ సంగతి తేల్చుకుందాం. జిన్నా 1876 డిసెంబరు 25న కరాచీలో పుట్టాడని అధికారికంగా చెబుతారు. ఆయన చదివిన సింధు మద్రసా రిజిస్టరులో ఉన్నది వేరు: 1875 అక్టోబరు 20. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. మన పల్లెల్లో హెడ్మాస్టరు రాసిందే పుట్టినతేదీ అయిన తరాలు ఎన్ని లేవు! బడిపంతుళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఏ తేదీ నిజమైనా జిన్నా రాజకీయం వీసమంత మారదు. గ్రహాలు మారతాయేమో గాని, 1909 చట్టం మారదు. ఆయన జీవితాన్నీ, మాలవీయ జీవితాన్నీ మలుపు తిప్పింది గ్రహాలు కావు, ఆ చట్టమే.

1909లో బ్రిటిషు ప్రభుత్వం మింటో-మార్లే సంస్కరణల పేరిట శాసనసభలను కొంత విస్తరించింది. విస్తరిస్తూనే ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టింది. అనగా ముస్లిం అభ్యర్థిని ముస్లిం ఓటర్లే ఎన్నుకోవాలి. ఓటర్లంటే ప్రజలని పొరబడరాదు. ఆస్తి, చదువు, బిరుదు ఉన్న పిడికెడుమంది మాత్రమే. జమీందారూ వకీలూ వర్తకుడూ తమ పక్క మతస్తుణ్ణి ఓటడగవలసిన అవసరమే లేకుండా చేసిందీ చట్టం. అవసరం లేనిచోట ఐక్యత ఎంతకాలం నిలుస్తుంది?

ఆ ఏడాది డిసెంబరులో కాంగ్రెసు మహాసభ లాహోరులో జరిగింది. అధ్యక్షుడు మాలవీయ, 48 ఏళ్ల వాడు. ఆ సభ మత ప్రాతిపదికన నియోజకవర్గాలు పెట్టడాన్ని నిరసించింది. మరుసటి ఏడాది అలహాబాదు మహాసభలో ఈ పద్ధతిని స్థానిక సంస్థలకు పాకించరాదని తీర్మానం ప్రతిపాదించింది ఎవరు? జిన్నా. అప్పటికే ఆయన బొంబాయి ముస్లిం స్థానం నుంచి సామ్రాజ్య శాసనమండలి సభ్యుడు. తాను ఎక్కిన నిచ్చెననే తప్పుపట్టాడన్నమాట. ఆనాటి జిన్నా అటువంటివాడు.

అటు తరువాత కొన్నేళ్లపాటు ఒకే తేదీన పుట్టిన ఈ ఇద్దరూ ఒకే మండలిలో కూర్చున్నారు. 1919లో రౌలట్ చట్టం వచ్చినప్పుడు ఇద్దరూ తమ సభ్యత్వాలకు రాజీనామా ఇచ్చారు. నడుమ 1916లో లక్నో ఒప్పందం దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. ముస్లిం లీగు మహాసభకు అధ్యక్షత వహించిన జిన్నా ఆ ఒప్పందానికి శిల్పి. దానిలో ప్రత్యేక నియోజకవర్గాలను కాంగ్రెసు అంగీకరించడం మాలవీయకు గిట్టలేదు. లీగునూ కాంగ్రెసునూ కలిపిన జిన్నాను ఆనాడు హిందూ ముస్లిం సమైక్యతా రాయబారి అన్నారు. ఆ సమైక్యతకు ఆయన ఇచ్చిన వెల ఏమిటంటే, ఆరేళ్ల క్రితం తానే తప్పుపట్టిన పద్ధతి.

ఐతే వీరిద్దరి నడుమ భేదం కంటె పోలికే నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది. ఇద్దరూ చట్టబద్ధ రాజకీయాలు నమ్మినవారు. వీధిలోకి వచ్చిన జనసమూహం అంటే ఇద్దరికీ జంకే. 1920లో సహాయ నిరాకరణోద్యమాన్ని కాంగ్రెసు ఆమోదించినప్పుడు జిన్నా కాంగ్రెసు విడిచాడు. మాలవీయ విడవలేదు గాని విద్యాలయాల బహిష్కారాన్ని వ్యతిరేకించాడు. 1922 జనవరిలో గాంధీకీ వైస్రాయికీ రాజీ కుదర్చడానికి బొంబాయిలో జరిగిన నాయకుల సమావేశంలో ఇద్దరూ ఉన్నారు. కౌలు గూర్చీ కూలి గూర్చీ జనాన్ని కూడగట్టని నాయకుడికి, తన వెనుక జనం ఉన్నారని చూపవలసి వచ్చినప్పుడు మిగిలేది ఏమిటి? మతం. అది ముందే పోగై ఉన్న గుంపు, చట్టం ముందే గిరిగీసి ఇచ్చిన ఓటు. 1923లో మాలవీయ కాశీలో హిందూ మహాసభకు అధ్యక్షత వహించాడు. జిన్నాకు లీగు ఉండనే ఉంది. ఇద్దరి వ్యక్తిగత సంస్కారాలూ ఎంతో వేరు. ఒకరు గంగాస్నానం విడవని వైదిక బ్రాహ్మణుడు, మరొకరు విలాయతీ సూటు విడవని ఖోజా వర్తకుల బిడ్డ. ఐనా వారిని చెరో మతవేదిక ఎక్కించిన మెట్లు ఒకటే.

వేరే మెట్లు లేకపోలేదు. 1928 అక్టోబరు 30న సైమన్ కమిషన్ లాహోరు వచ్చినప్పుడు నల్లజెండాల ఊరేగింపుకు ముందు నడిచిన లాలా లజపతిరాయ్ పక్కన మాలవీయ ఉన్నాడు. లాఠీదెబ్బలు తిన్న లజపతిరాయ్ నవంబరు 17న కన్నుమూశాడు. ఆ చావుకు బదులు తీర్చుకున్న యువకుల మీద లాహోరు కుట్రకేసు నడిచింది. జైలులో 63 రోజులు నిరాహారదీక్ష చేసి జతీన్ దాస్ 1929 సెప్టెంబరు 13న మరణించాడు. ముద్దాయిలు కోర్టుకు రాలేని స్థితిలో ఉన్నా, వారు లేకుండానే విచారణ సాగించడానికి ప్రభుత్వం బిల్లు తెచ్చింది. సరిగ్గా ఆ రోజులలోనే దాన్ని కేంద్ర శాసనసభలో చీల్చి చెండాడింది జిన్నా. ప్రాణాన్ని పణం పెట్టి ఆకలికి ఓర్చేవాడు మామూలు నేరస్తుడు కాడని సభకు చెప్పాడు. బిల్లు నెగ్గలేదు. వైస్రాయి ఆర్డినెన్సుతో ప్రత్యేక ట్రిబ్యునలు వేశాడు. 1931 ఫిబ్రవరిలో భగత్‌సింగు ప్రభృతుల ఉరిశిక్షను తగ్గించమని వైస్రాయిని అర్థించినవారిలో మాలవీయ ఒకరు. మార్చి 23న లాహోరు సెంట్రలు జైలులో ముగ్గురినీ ఉరితీశారు.

ఈ ఘట్టాన్ని పాఠ్యపుస్తకాలు అటూ ఇటూ కూడా దాటవేస్తాయి. పాకిస్తాను పుస్తకానికి భగత్‌సింగు పక్షాన మాట్లాడిన జిన్నాతో పనిలేదు. మన పుస్తకానికి అసలే లేదు. మాలవీయనూ జిన్నానూ ఒకే వాక్యంలో ఒకే పక్షాన నిలబెట్టవలసి వస్తే రెండు ప్రభుత్వాల కథలూ చెడతాయి. ఆ వాక్యం సాధ్యమైంది ఎలా? మాలవీయ వీధికి దిగినా, జిన్నా సభలో లేచినా, వారిని లేపినది మతానికి అతీతంగా కదిలిన యువజనం. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ నాయకులు కలిశారు. అది తగ్గగానే ఎవరి నియోజకవర్గానికి వారు వెళ్లిపోయారు.

1937 ఎన్నికలలో పంజాబులో లీగు గెలిచినవి రెండంటే రెండు స్థానాలు. అక్కడ అధికారం భూస్వాముల యూనియనిస్టు పార్టీది. అందులో ముస్లిములూ, హిందూ జాట్లూ, సిక్కులూ అందరూ ఉన్నారు. ఆ ఓటమి తరువాత జిన్నా పంజాబు ప్రధాని సికందర్ హయాత్ ఖానుతో ఒప్పందం చేసుకున్నాడు. 1940 మార్చి చివరలో లాహోరులో మింటో పార్కులో లీగు మహాసభ జరిగింది. ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టిన వైస్రాయి మింటో పేరే ఆ పార్కుకు! ముస్లిములు అధికసంఖ్యాకులైన ప్రాంతాలు స్వతంత్ర రాజ్యాలు కావాలన్న తీర్మానం అక్కడ వచ్చింది. పాకిస్తాను దాన్ని మార్చి 23 తేదీతో స్మరిస్తుంది. భగత్‌సింగును ఉరితీసిన తేదీ అదే. తొమ్మిదేళ్ల తేడా. అదే ఊరు. జిన్నా మారినాడనడం సులభం. పంజాబు భూస్వాములు గుంపులుగా యూనియనిస్టు కండువా దించి లీగు కండువా వేసుకున్నది ఎందుకో చెప్పడం అవసరం. 1946 నాటికి పంజాబు ముస్లిం స్థానాలలో అత్యధిక భాగం లీగు వశమైంది. ఆ ఎన్నికలలోనూ ఓటు అందరిదీ కాదు. దేశాన్ని చీల్చిన తీర్పును ఇచ్చింది దేశజనంలో కొద్దిమంది. ఇళ్లు విడిచి పరుగెత్తింది మాత్రం ఓటులేనివారు.

వ్యక్తికి చరిత్రలో పాత్రే లేదా అని ఒక విద్యార్థి నన్ను అడగవచ్చు. ఉన్నది. 1947 ఆగస్టు 11న కరాచీలో రాజ్యాంగ సభ ముందు జిన్నా, పౌరుడి మతంతో రాజ్యానికి నిమిత్తం లేదన్న భావం చెప్పాడు. ఆ మాట చెప్పడానికి వ్యక్తి చాలు. నిలబెట్టడానికి వర్గబలం కావాలి. అప్పటికి ఆయన వెంట ఉన్న పీర్లూ, జమీందార్లూ, ఉన్నతోద్యోగులూ ఆ మాట కోసం వచ్చినవారు కారు. 1948 సెప్టెంబరు 11న ఆయన మరణించాక ఆ ఉపన్యాసం సెలవురోజు అలంకారంగా మిగిలింది.

ఇక మిగిలిన ఇద్దరు. వాజపేయి గ్వాలియరులో బడిపంతులు కొడుకు, రాష్ట్రీయ స్వయంసేవక సంఘం తీర్చిన మనిషి. నవాజ్ షరీఫ్ లాహోరు ఉక్కు కర్మాగారాల కుటుంబంవాడు. భుట్టో జాతీయం చేసిన ఆస్తి ఆ కుటుంబానికి జియా సైనికపాలనలో తిరిగి దక్కింది. ఆ పాలననీడలోనే ఆయన పంజాబు ఆర్థికమంత్రి, తరువాత ముఖ్యమంత్రి అయ్యాడు. 1998 మే నెలలో ఈ ఇద్దరు ప్రధానులూ కొద్దిరోజుల తేడాతో అణ్వస్త్రాలు పేల్చారు. 1999 ఫిబ్రవరి 20న వాజపేయి బస్సులో వాఘా దాటి లాహోరు చేరాడు. మింటో పార్కులో 1940 తీర్మానానికి గుర్తుగా లేచిన మినారు దగ్గరకు వెళ్లాడు. మరునాడు ఇద్దరూ లాహోరు ప్రకటన మీద సంతకాలు చేశారు. ఒకే పుట్టినరోజువాళ్లు చేయి కలిపారు. మే నెల వచ్చేసరికి కార్గిల్ కొండల మీద ఫిరంగులు మోగాయి. అక్టోబరు 12న షరీఫును సైన్యాధిపతి దించివేశాడు.

వాజపేయి బస్సు ప్రయాణాన్ని నేను చులకన చేయను. ఆయన పుట్టి పెరిగిన రాజకీయంలో ఆ మినారు దగ్గర నిలబడడం చిన్న విషయం కాదు. కాని యుద్ధసామగ్రితో బతికే వ్యవస్థలూ, పగతో ఓట్లు దండుకునే పార్టీలూ ఇరుపక్కలా చెక్కుచెదరకుండా ఉండగా ఇద్దరు పెద్దమనుషుల స్నేహం ఎంత బరువు మోయగలదు? 2015 డిసెంబరు 25న మన ప్రధాని నరేంద్ర మోడీ కాబూలు నుంచి వస్తూ లాహోరులో దిగి షరీఫుకు జన్మదిన శుభాకాంక్షలు చెప్పాడు. వారం తిరిగేసరికి, 2016 జనవరి 2న, పఠాన్‌కోట వైమానిక స్థావరం మీద దాడి జరిగింది. పుట్టినరోజు పలకరింపులతో తీరే తగాదా ఐతే 1999లోనే తీరి ఉండేది.

మరి ప్రభుత్వాలకు ఈ తేదీలెందుకు? 2014 డిసెంబరు 24న వాజపేయికీ, మరణానంతరం మాలవీయకూ కలిపి భారతరత్న ప్రకటించారు. జన్మదినం చేసే ఉపకారం ఒకటున్నది. అది మనిషిని పుట్టుకతో మొదలుపెట్టి విగ్రహంతో ముగిస్తుంది. నడుమనున్న సంవత్సరాలను కనబడనివ్వదు. 1910 జిన్నా, 1929 జిన్నా, 1940 జిన్నా ఒకే పటంలో కరిగిపోతారు. రౌలట్ చట్టానికి రాజీనామా ఇచ్చిన మాలవీయా, హిందూ మహాసభ మాలవీయా ఒకే పూలదండ కిందికి వస్తారు. ప్రశ్నకు చోటుండదు.

డిసెంబరు 25కు వేరే వారసులు కూడా ఉన్నారు. 1927లో ఆ తేదీన అంబేద్కరూ ఆయన అనుచరులూ మహద్‌లో మనుస్మృతిని తగులబెట్టారు. 1968లో ఆ తేదీ రాత్రి తంజావూరు జిల్లా కీళ్‌వెన్మణిలో కూలి పెంచమని సంఘం కట్టిన వ్యవసాయకూలీల వాడ మీద భూస్వాములు పడ్డారు. గుడిసెలో దాక్కున్న 44 మంది దళితులు, అధికభాగం స్త్రీలూ పిల్లలూ, సజీవదహనమయ్యారు. వీరి పుట్టినతేదీలు ఏ రిజిస్టరులో ఉన్నాయి? వారి మరణదినం ఏ ప్రభుత్వ పంచాంగంలో ఉన్నది?

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటే. పాలకుల జన్మదినాలు జరపమని సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. జరపండి. కాని ఆనాడు నల్లబల్ల మీద పేరు రాసి ఊరుకోవద్దు. పేరు పక్కన ఏ సంవత్సరమో, ఏ ఊరో, ఆ సంవత్సరం ఆ ఊళ్లో ఆ నాయకుడు ఎవరి పక్షాన నిలబడ్డాడో కూడా రాయండి. లాహోరు 1909, లాహోరు 1928, లాహోరు 1940, లాహోరు 1999. ఇన్ని సంవత్సరాలు వరుసగా రాసిన తరువాత, వీరందరిదీ ఒకే పుట్టినరోజట అని ఏ విద్యార్థి అయినా అంటే, దానివల్ల ఏం తేలిందని పక్కవాడే అడుగుతాడు. చరిత్రపాఠం అక్కడే మొదలవుతుంది.